డిస్కు ఉంది, హక్కు లేదు

మన రాష్ట్రంలో ఇప్పుడు ఏ ఆఫీసులోనూ ఎవరి తప్పూ ఉండదు. ఉన్న తప్పంతా సర్వర్‌ది. అడంగల్ రాలేదా, సర్వర్. వన్-బీ రాలేదా, సర్వర్. సాక్షులిద్దర్నీ ఆటోలో ఎక్కించుకుని రిజిస్ట్రేషన్‌కి వెళితే ఆ రోజూ సర్వరే మొరాయించింది. బంట్రోతు దగ్గర్నుంచి పై అధికారి దాకా అందరూ ఒకే పేరు చెప్పడం ఈ ఒక్క విషయంలోనే చూస్తాం. పాపం, దానికి నోరు లేదు. ఎంత నెపం మోపినా సంజాయిషీ అడగదు, యూనియన్ పెట్టదు, కోర్టుకెక్కదు.

నూజివీడు మామిడి నేలలో ఉన్న మా చాట్రాయి మండలంలో కలెక్టర్లు రెండు రకాలు. ఒకటి చెట్టుకు కాస్తుంది. బయటివాళ్లు దాన్ని తోతాపురి అంటారు, జ్యూస్ ఫ్యాక్టరీలకు వెళుతుంది. రెండో కలెక్టర్ మచిలీపట్నంలో ఉండేవారు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి, ఆ కలెక్టర్ ఏలూరుకు మారారు. తోట కదల్లేదు, గట్టు కదల్లేదు, చనుబండ పోయే రోడ్డు మీద గుంత కూడా కదల్లేదు. రికార్డులో మాత్రం మేం రాత్రికి రాత్రి కృష్ణా జిల్లా దాటి ఏలూరు జిల్లాలో తెల్లారాం. మనిషి ఉన్నచోటే ఉండి జిల్లా మారడం కంప్యూటర్ యుగంలోనే సాధ్యం అనుకున్నాను. కంప్యూటర్ లోపల ఇంతకన్నా విడ్డూరాలున్నాయని మా మేనల్లుడు చెప్పాడు.

వాడు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో డేటాబేస్‌లు చూస్తాడు. రసాలు తినిపోదామని వచ్చినవాణ్ని కూర్చోబెట్టి అడిగాను.

"ఒరే అబ్బాయ్, సర్వర్ డౌనంటే అసలేమవుతుందిరా?"

"చాలాసార్లు ఏమీ అవదు మావయ్యా. మిషన్ నిక్షేపంగా ఉంటుంది. డిస్కూ ఉంటుంది. డిస్కులో డేటా కూడా ఉంటుంది. డేటాబేస్‌కి దాని మీద చెయ్యి వేసే పర్మిషన్ ఉండదు, అంతే."

"ఆ పర్మిషన్ ఎవరివ్వాలి?"

"పైవాళ్లు."

"పైన ఎవరున్నార్రా?"

"గ్లోబల్ జోన్."

వాడు చెప్పింది నాకు అర్థమైనంత మేరకు ఇది. ఒక పెద్ద మిషన్ కొంటారు. అదంతా ఒక్క పనికి వాడితే దండగ కాబట్టి లోపల కంటికి కనపడని గోడలు కట్టి భాగాలు చేస్తారు. ప్రతి భాగమూ మిషన్ మొత్తం తనదేననుకుంటుంది. పక్క భాగం ఉన్నట్టే దానికి తెలియదు. ఐబీఎం వాళ్లు ఈ విద్యను 1972లోనే తమ పెద్ద కంప్యూటర్లకు అమ్మకానికి పెట్టారు. 2005లో సన్ మైక్రోసిస్టమ్స్ తన సొలారిస్ 10లో ఈ భాగాలకు జోన్లని పేరు పెట్టింది. అందరికీ పైన ఒకటే గ్లోబల్ జోన్. మిగతావన్నీ దాని కింద బతకాల్సినవే.

ప్రతి కింది జోన్‌కీ రూట్ అని ఒక అధికారి ఉంటాడు. తన జోన్‌లో చక్రవర్తి. ఎవరినైనా తీసెయ్యగలడు, ఏ ఫైలైనా చెరిపెయ్యగలడు. కానీ ఒక్క డిస్కును కూడా తనంతట తాను లోపలికి తెచ్చుకోలేడు. గ్లోబల్ జోన్ అధికారి కాన్ఫిగరేషన్‌లో ఆ డిస్కు పేరు రాయాలి, రాసింది సరిచూడాలి, ఖాయం చెయ్యాలి, తర్వాత కింది జోన్‌ను ఆపి మళ్లీ లేపాలి. అప్పుడు డిస్కు కనిపిస్తుంది.

"కనిపిస్తే అయిపోయినట్టేగా?"

"కనిపించడం వేరు, తెరుచుకోవడం వేరు మావయ్యా."

ఈ వాక్యం మా వాడు ఇంజనీరింగ్ కాలేజీలో నేర్చుకున్నాడట. నేను ఏ కాలేజీకీ పోకుండానే మండలాఫీసు వరండాలో నేర్చుకున్నాను.

కనిపించిన డిస్కుకు యజమాని మారాలి. రూట్ పేరు తీసి ఒరాకిల్ అనే యూజర్ పేరు పెట్టాలి. డీబీఏ అనే గుంపు పేరు పెట్టాలి. ఆ తర్వాత 660 అని ఒక అంకె వెయ్యాలి. మొదటి ఆరు యజమానికి, అంటే చదవొచ్చు, రాయొచ్చు. రెండో ఆరు అతని గుంపుకు, వాళ్లకూ అంతే. చివరి సున్నా మిగతా లోకానికి. ఆ మిగతా లోకంలో మనం ఉంటాం.

ఇక్కడో మెలిక ఉంది. యజమాని పేరు మనకు చదువుకోవడానికి మాత్రమే. డిస్కు మీద నిలిచేది పేరు కాదు, నంబరు. పై జోన్‌లో 101 నంబరు ఒరాకిల్‌దైతే, కింది జోన్‌లో అదే 101 ఇంకెవడిదో కావచ్చు. అప్పుడు ఒరాకిల్ పేరు మీద ఇచ్చిన ఆస్తి కిందికి దిగేసరికి ఆ ఇంకెవడిదో అవుతుంది. కాగితమంతా సక్రమం, ఆస్తి పరాయిది.

ఇది వినగానే నాకు భూముల రీసర్వే గుర్తొచ్చింది. 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో మొదలై ఊరూరా తిరిగింది. తాతల నాటి సర్వే నంబర్లు పోయి ల్యాండ్ పార్సిల్ మ్యాప్, అంటే ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. కొన్నిచోట్ల నలుగురైదుగురి భూమి కలిపి జాయింట్ ఎల్‌పీఎం అని ఒకే నంబరు ఇచ్చారు. పేర్లన్నీ ఉన్నాయి, ఎవరిది ఎంతవరకో విడదీసే నంబరు లేదు. పాత సర్వే నంబరుతో బ్యాంకు అప్పు, కొత్త నంబరుతో పాసు పుస్తకం, రెండూ ఒకే తోటవని నిరూపించుకోవడం రైతు పని. డిస్కులకు ఈ నంబర్ల పద్ధతి పెట్టిన యూనిక్స్ వాళ్లు మన రెవెన్యూ మాన్యువల్ చదివారని నా గట్టి అనుమానం.

"ఒకే డిస్కును పొరపాటున ఇద్దరికిస్తే ఏమవుతుందిరా?"

"ఇద్దరూ తమదే అనుకుని రాసేస్తారు. ఒకడు రాసింది ఇంకొకడు చెరిపేస్తాడు. కొన్నాళ్లకు ఇద్దరి డేటాబేస్‌లూ పాడవుతాయి."

డబుల్ రిజిస్ట్రేషన్ అన్నమాట. కాకపోతే డిస్కులకు సివిల్ కోర్టు లేదు. ఉంటే మూడు తరాల పాటు చదవడానికీ రాయడానికీ వీలుగానే ఉండేది.

మరి డిస్కు ఉండీ తెరుచుకోకపోతే? "పర్మిషన్ డినైడ్" అని వస్తుందట. మన దగ్గర దీన్ని 22ఏ అంటారు. రిజిస్ట్రేషన్ చట్టంలోని ఆ సెక్షన్ కింద నిషేధిత జాబితా ఉంటుంది. ప్రభుత్వ భూమి పరులపాలు కాకూడదన్న మంచి ఉద్దేశంతోనే వచ్చింది. పొరపాటున పట్టా భూమి అందులో పడిందా, దున్నేది నువ్వే, శిస్తు కట్టింది మీ తాతే, అమ్మాలంటే మాత్రం కంప్యూటర్ తల అడ్డంగా తిప్పుతుంది. అందులోంచి బయటపడేది ఏ బల్ల దగ్గరని అడిగితే ప్రతి బల్లా పక్క బల్లను చూపిస్తుంది.

ఈ బల్లల సంగతి కూడా మా వాడి ప్రపంచంలో ఉంది. డేటాబేస్ తెరుచుకోలేదని ఫిర్యాదు వస్తే మూడు టీములను లేపుతారు. స్టోరేజ్ టీం వచ్చి డిస్కు ఇచ్చేశాం, మా వైపు నుంచి అంతా ఓకే అంటుంది. సిస్టమ్ టీం వచ్చి జోన్‌లో కలిపేశాం, మా వైపు నుంచి అంతా ఓకే అంటుంది. డేటాబేస్ టీం మా వైపు మొదట్నుంచీ ఓకేనే అంటుంది. మూడు ఓకేలు కలిసినా డేటాబేస్ లేవదు. అర్ధరాత్రి రెండింటికి విసిగిపోయిన కుర్రాడొకడు 777 కొడతాడు. అంటే దారిన పోయేవాడు కూడా చదవొచ్చు, రాయొచ్చు. పని అవుతుంది. మర్నాడు ఆడిట్‌వాళ్లు వస్తారు.

"నువ్వెప్పుడైనా కొట్టావురా?"

వాడు మామిడి టెంక చీకడంలో లీనమైపోయాడు.

పాతరోజుల్లో ఇంత గందరగోళం లేదని కొందరు పెద్దలు వాపోతుంటారు. నిజమే. అప్పుడు డిస్కు, జోన్, పర్మిషన్ మూడూ ఒక్కరి ఇంట్లోనే ఉండేవి. కరణం గారి భోషాణంలో అడంగల్, తాళంచెవి ఆయన మొలలో. బ్యాకప్ ఆయన జ్ఞాపకశక్తి. పర్మిషన్ కావాలంటే మామిడి బుట్ట. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ పదవిని రద్దు చేసింది, మరుసటేడు తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కార్డ్ పేరుతో కంప్యూటర్లొచ్చాయి. 2015లో మీభూమి వచ్చింది. భోషాణం ఊళ్లోంచి మండలానికి, మండలం నుంచి డేటా సెంటర్‌కు చేరింది. తాళంచెవి కూడా దాని వెంటే వెళ్లింది.

కాగితం కన్నా ఇది నయం కాదా అంటారు. నయమే. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో ఫైళ్లు కాలిపోయిన సంగతి లోకానికి తెలుసు. కాగితానికి ఒక అగ్గిపుల్ల చాలు. డిస్కుకు మరి? 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్ తగలబడింది. వందల ప్రభుత్వ సేవలు ఆగిపోయాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు బూడిదయ్యాయి. అంత పెద్ద నిల్వకు బయట రెండో కాపీ ఎందుకు లేదంటే, నిల్వ చాలా పెద్దది కాబట్టి కాపీ తీయలేదన్నారు. ఫోన్లు తయారుచేసి ప్రపంచానికి అమ్మే దేశమూ మన రికార్డు గదీ ఒకే జవాబు చెప్పుకోవడం నాకు ఊరటగా అనిపించింది.

ఇంత విన్నాక నాకు కంప్యూటర్ మీద కోపం పోయింది, గౌరవం పుట్టింది. ఎందుకంటే అది అబద్ధం ఆడదు. పర్మిషన్ లేకపోతే లేదనే చెబుతుంది. ఏ డిస్కు, ఏ యూజర్, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు అడిగాడు, ఎక్కడ ఆగాడు, అంతా లాగ్ అనే ఫైల్లో వరసగా రాసిపెడుతుంది. దాని ముందు కూర్చున్న మనిషి ఆ వాక్యం చదివి, మనవైపు తిరిగి, "సర్వర్ డౌనండీ, రేపు రండి" అని అనువదిస్తాడు. మనకు అందేది ఆ అనువాదమే. దరఖాస్తు ఎంతవరకొచ్చిందో ఫోన్లో చూసుకుంటే చాలామందికి కనిపించేది 'పెండింగ్' అన్న ఒక్క ముక్క. ఎవరి దగ్గర, ఎందుకు అన్నవి ఆ చివరి సున్నా అవతలే ఉండిపోతాయి.

2025 జనవరి 30న వాట్సాప్‌లో 'మన మిత్ర' పేరుతో ప్రభుత్వ పాలన 161 సేవలతో మొదలైంది, తర్వాత సేవలు ఇంకా పెరిగాయి. అందులో ఇంకొక్కటి కలపమని చాట్రాయి తరఫున నా విన్నపం. కొత్త పథకం వద్దు, కొత్త యాప్ వద్దు. దరఖాస్తు నంబరు కొడితే లాగ్‌లో ఉన్నది ఉన్నట్టు రావాలి: ఏ హోదా దగ్గర ఆగింది, ఏ తేదీ నుంచి, ఏ కాగితం కోసం.

ఈ మాట చెబితే మా మేనల్లుడు ఉలిక్కిపడ్డాడు. "డేటాబేస్ ఫైళ్లు జనానికి తెరవమంటావా మావయ్యా? ఉద్యోగం ఊడుతుంది."

డేటాబేస్ ఎవడిక్కావాలిరా, దాని 660 దానికే ఉండనీ. లాగ్ సంగతి చెప్పమన్నాను. లాగ్ ఫైలుకు 644 ఇవ్వడం మామూలేనని ఒప్పుకున్నాడు. ఆరు యజమానికి, నాలుగు గుంపుకు, నాలుగు మిగతా లోకానికి. నాలుగంటే చదువుకోవచ్చు, గీత కూడా మార్చకూడదు. చాట్రాయి రైతు అడిగేది రాసే హక్కు కాదు, 777 అసలే కాదు. ఆ ఒక్క నాలుగు. అది వేయడానికి ఖర్చేమీ లేదట, ఒక్క కమాండ్ చాలట. ఇంకా ఎందుకు వెయ్యలేదని మాత్రం అడక్కండి. అప్పుడు సర్వర్ డౌన్ అవుతుంది.