బొడ్డుసంచి ఆత్మకథ

ప్రయాణమునాటి యుదయమున పెట్టెలును, పరుపుచుట్టలును, పచ్చళ్ల జాడీలును, మరచెంబులును వీథియరుగుమీద బారులు తీరి వచ్చిపోవువారి కంటబడుచుండగా, ఎవరి కంటను బడకుండుటయే ధర్మముగా గలిగి, స్త్రీల కుచ్చెళ్ల చాటున నడుమునకు బిగింపబడి, ఆ సామానంతయు పోయినను యజమానురాలు క్షేమముగా ఇల్లు చేరుటకు వలసినదానిని మాత్రము కడుపులో దాచుకొని తిరిగిన బొడ్డుసంచిని నేను. నా యునికిని మగవారు సామాన్యముగా నెరుగరు. ఎరుగనవసరము లేదనియే నన్ను కుట్టిన యామె యభిప్రాయము.

నా జన్మస్థానము ఏలూరు. రెండవ పంచవర్ష ప్రణాళిక నడుచుచున్న దినములలో, కాశీయాత్రకు సంకల్పించిన యొక గృహిణి, దిండ్ల గలీబులకు తెచ్చిన గాడాగుడ్డలో మిగిలిన ముక్కను రెండు పొరలుగా మడిచి, చేతితో దగ్గరదగ్గరగా కుట్టువేసి నాకు రూపము కల్పించెను. నాకు మూడు అరలు: లోపలిది నోట్లకు, నడిమిది టిక్కెట్టునకును తాళపుచెవులకును, పైది చిల్లరకు. నాడా సైతము ఒంటిపేట గాదు. రెండువైపులనుండి ఎదురెదురుగా దూర్చినందున లాగినకొలది మూతి బిగిసిపోవును, విప్పుటకు రెండు చేతులు వలయును. ప్రయాణమునకు నెలముందే నన్ను సిద్ధముచేసి, ఆ నెలనాళ్లును వంటచేయుచు, నీళ్లు తోడుచు, పేరంటములకు పోవుచు నన్ను ధరించియే తిరిగెను. కొత్త చెప్పులును కొత్త సంచియు ప్రయాణమునాడే మొదలుపెట్టరాదని యామె మతము. చెప్పులైన కరచి యూరకుండును. అలవాటు లేని సంచిని మాత్రము చేయి మాటిమాటికి తడవుచుండును. ఆ తడుముటయే దొంగకు తావు చూపును.

నన్ను కుట్టుటకు గల కారణము నామె పొరుగింటి యిల్లాలితో చెప్పుచుండగా వింటిని. ఆమె మేనత్త పెండ్లియైన క్రొత్తలో భర్తవెంట రైలెక్కెనట. టిక్కెట్లాయన జేబులో, పైకమాయన మొలలో, దిగవలసిన యూరి పేరాయన మనస్సులో నుండెను. ఒక జంక్షనులో ఆయన మంచినీళ్లకై దిగగా బండి కదలిపోయెను. చంకలో పసిబిడ్డ, చుట్టును పెట్టెలు. తామెక్కడికి పోవుచున్నారో యామె యెరుగదు. తోడి స్త్రీలు దయతలచి తరువాతి స్టేషనులో దింపి స్టేషనుమాష్టరునకు అప్పగించినందున రాత్రికి భర్త వచ్చి కలిసికొనెను గాని, అడిగినవారికి తన పేరు తప్ప వేరొకటి చెప్పలేక యా సాయంకాలమంతయు కన్నీళ్లతో కూర్చున్న యామె యవస్థను ఆ యింటి యాడువారు మరువలేదు. “మగతోడు ఉండనీ లేకపోనీ వదినా, మన టిక్కెట్టు, మన డబ్బు, మనం దిగే ఊరి చిరునామా మన ఒంటిమీద ఉండి తీరాలి” అని నా యజమానురాలు సూది దూర్చుచునే తీర్పు చెప్పెను. 1830వ సంవత్సరమున ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి మరుసటి యేటి సెప్టెంబరులోగాని తిరిగి రాలేదు. బోయీలును, పల్లకీలును, డేరాలును గల అట్టి యాత్రలలో స్త్రీలు తమకై సన్నాహము చేసికొనవలసిన యవసరము తక్కువ. రైలు వచ్చి పరివారమును తొలగించెను గాని, పరివారము చేయుచుండిన పనిని ఇక నెవరు చేయవలెనో చాలకాలము తేలలేదు. ప్రయాణము చేయు స్త్రీయే దానిని చేయవలెనని యామె నిశ్చయము. నేనా నిశ్చయమునకు కుట్టిన రూపమును.

సామాను విషయమున నామె యొక పరీక్ష పెట్టెను. బయలుదేరుటకు పక్షము ముందుగా పెట్టె సర్ది, కూలివాని సాయము లేక తానే దానినెత్తుకొని మేడమెట్లెక్కి దిగెను. మొదటిమారు నడిమెట్టుననే ఆయాసము రాగా పెట్టె తెరచి, ఎందుకైనా మంచిదని పెట్టినవన్నియు బయట వేసెను. ఎందుకైనా మంచిదని పెట్టిన వస్తువు ఎందుకును రాదని నేను దీర్ఘకాల పరిచయముచే చెప్పగలను. మడికొక పట్టుబట్టయు, ఉదుకుకొని ఆరవేసికొనుటకు వీలైన నేతచీరలును, చాటుగా చీర మార్చుకొనుటకు పనికివచ్చు ముదురురంగు దుప్పటియు మిగిలినవి. పిన్నీసులు, సూదిదారము, లోలంగాలకు అదనపు బొందు నొక డబ్బాలో నుంచెను. పెట్టె పైమూతమీదనేకాక లోపలి మూతకును పేరును చిరునామాయు వ్రాసిన కాగితమంటించెను. మెడలోని బంగారు గొలుసు పుట్టింటి బీరువాలో భద్రపరచి సూత్రములను పసుపుతాట గ్రుచ్చుకొనెను. స్టేషనునుండి బండి మెల్లగా కదలునప్పుడు కిటికీలోనికి చేయిదూర్చి గొలుసు తెంచువారు ఆనాడును గలరు, నేడును గలరు. కిటికీవైపు తలపెట్టి నిద్రింపరాదనుట అందువలననే.

ఏలూరునుండి హౌరా పోవు మెయిలులో నా తొలియాత్ర. కొవ్వూరు దాటి బండి గోదావరి వంతెన నెక్కగానే పెట్టెలోని స్త్రీలందరును కిటికీలకు చేరి చిల్లర తీయుటకు కొంగుముళ్లును సంచులును విప్పిరి. అప్పటికి నయాపైసలు వచ్చి యెంతోకాలము కాలేదు. అణాలును కానీలును వానితో కలగలిసి చెల్లుచుండెను. ఎవరి ముడిలో నోట్లెన్నియున్నవో ఆ క్షణమున పెట్టెయందలి వారందరకును తెలిసిపోయెను. నా యజమానురాలు మాత్రము కుంకుమభరిణలో ముందుగానే వేసియుంచిన రెండు కానీలను తీసి గోదావరి తల్లికి సమర్పించి చేతులు జోడించెను. నన్ను ముట్టనైన లేదు. చిల్లర వేరుగా నుండవలెననెడి నియమమును నేనా వంతెనమీద నేర్చితిని: పదిమందిలో తీయవలసిన ధనము దాచవలసిన ధనముతో నొకచోట నుండరాదు.

ఇక చెప్పుటకు స్త్రీలు సిగ్గుపడు విషయమొకటి గలదు. దానిని చెప్పకుండుట పాపమని నా తలంపు. ప్రయాణమనగానే మన స్త్రీలు నీరు త్రాగుట మానివేయుదురు. 1890వ సంవత్సరపు రైల్వే చట్టమే ప్రయాణికుల రైళ్లలో స్త్రీలకొక గది ప్రత్యేకింపవలెననియు, యాభై మైళ్లకు మించి పోవు బండియైనచో దానికి మరుగుదొడ్డి యుండవలెననియు నిర్ణయించెను. అయినను ఆ తలుపువరకు నడచుటకు మొగమాటపడి, దాహమును చంపుకొని, తల తిరిగి, ఊరు చేరినపిమ్మట మూత్రపుమంటతో జ్వరపడిన వారిని నేనెందరినో యెరుగుదును. నా యజమానురాలు కాచి చల్లార్చిన నీటిని మరచెంబునిండ తెచ్చుకొని, “నీళ్లు తాగండమ్మా, సిగ్గు దాహం తీర్చదు; నేను తలుపు దగ్గర నిలబడతాను, వెళ్లిరండి” అని తోడి స్త్రీలను లేపి పంపుచుండెను. ఒకరు పోవునప్పుడొకరు కావలియుండుట మన స్త్రీలకు సహజముగా నబ్బిన విద్య. ఏకాకిగా పోవునామె ఎదుటి బల్లమీది స్త్రీతో మొదటి గంటలోనే మాట కలుపుకొనుట మంచిది. తిండికి చింతపండు పులిహోర మొదటి దినమునకు, సున్నుండలు, జంతికలు, అటుకులు తరువాతి దినములకు; దద్దోజనమును వేసవిలో సాయంకాలము దాటనీయరాదు.

బహిష్టు విషయమును ఆమె దాచిపెట్టినది కాదు. వెంటవచ్చిన కోడలికి వేళకానివేళ వచ్చునేమోనని మెత్తని పాత నూలుగుడ్డలును, నల్లని లోలంగాయు, వాడినవానిని చుట్టుటకు పాత పత్రికలును పెట్టెలో అన్నిటికన్న పైన సర్దెను. అడుగున పెట్టినచో అవసరము వచ్చిన వేళ నలుగురియెదుట పెట్టె తిరుగవేయవలసివచ్చును గదా. ఇప్పుడు గుడ్డలకు బదులు దుకాణపు ప్యాడ్లు వచ్చినవి, పెట్టవలసిన చోటు మారలేదు. యాత్రకడ్డము రాకుండ మందుబిళ్లలు మ్రింగు నలవాటును నేను తరువాత చూచితిని. రక్తము గడ్డకట్టు జబ్బు గలవారికవి ప్రమాదము దెచ్చును గనుక వైద్యురాలినడుగక మ్రింగరాదు.

కాశిలో స్నానఘట్టమున నా కష్టము మొదలయ్యెను. తడిబట్టతో గంగలో మునుగు వేళ బొడ్డుసంచి యెక్కడ నుండవలెను? గుంపుతో వచ్చినవారు భక్తిపారవశ్యమున అందరునొకేసారి నీట దిగి, మూటలను మెట్లమీద ముక్కంటికి వదలుచుండిరి. నా యజమానురాలు తమలో నొకరు గట్టున కూర్చుండు నేర్పాటు చేసెను. ఆ వంతు తనదైనప్పుడు సూర్యోదయము దాటిపోవుచున్నను కదలలేదు. సంకల్పము చెప్పించువారితో దక్షిణ ముందుగా మాటాడుకొని, ఆ సొమ్మును మాత్రమే కొంగున ముడిచి తీసికొనిపోవుటయు నక్కడనే నేర్చితిని.

ఆమె కుమార్తె ఉపాధ్యాయినియై, బదిలీలతో జిల్లా జిల్లాకు తిరిగినంతకాలము నన్ను విడువలేదు. ఆమె నా నడిమి యరలో నొక కాగితమును చేర్చెను. 1989 నాటి రైల్వే చట్టమునందలి 139వ సెక్షను సారాంశమది: మగతోడు లేని స్త్రీని, టిక్కెట్టు లేదనియైనను, దారిలో కనబడిన స్టేషనులో దింపివేయరాదు, ఆమె బయలుదేరిన స్టేషనులోగాని, జంక్షనులోగాని, చివరి స్టేషనులోగాని, జిల్లా కేంద్రములోగాని, అదియు పగటివేళ మాత్రమే దింపవలెను. రైల్వే సహాయమునకు నేడు ఫోను చేయవలసిన సంఖ్యయు 139 యగుటచేత జ్ఞాపకముంచుకొనుట సులభము. దానిక్రింద 112, 181 అను సంఖ్యలను తరువాత వ్రాసిరి. మొదటిది ఏ యాపదకైనను, రెండవది స్త్రీల సహాయమునకు.

మనుమరాలి కాలమున నేను కొంతకాలము బీరువాలో నుంటిని. ధనము, టిక్కెట్టు, చిరునామా, బంధువుల సంఖ్యలు, దారి చూపు పటము సమస్తము నామె చేతి ఫోనులో నుండగా నాతో నామెకేమి పని? ఆమె పరిశోధన నిమిత్తము ఒంటరిగా సికింద్రాబాదునుండి దానాపూర్ ఎక్స్‌ప్రెస్సులో కాశికి బయలుదేరునప్పుడు తల్లి పట్టుబట్టి నన్నిచ్చెను. ఆ యమ్మాయి నడుమునకు చుట్టుకొనలేదు గాని, కుర్తాక్రింద భుజమునుండి వ్రేలాడునట్లు నా నాడాను పొడిగించుకొనెను, నాకది సమ్మతమే. రెండవ దినమున బెర్తువద్ద ఛార్జింగు ప్లగ్గు పనిచేయక ఫోను ఆరిపోయెను. పూర్వము మొగల్‌సరాయి యనబడి 2018లో దీనదయాళ్ ఉపాధ్యాయ పేరు ధరించిన జంక్షనులో నామె దిగునప్పటికి చీకటి పడెను. నా లోపలి యరలో రెండువేల రూపాయల నోట్లు, ఆధారు నకలు, తాను దిగవలసిన యాంధ్రాశ్రమపు చిరునామా తెలుగునను హిందీలోను, తల్లి ఫోను సంఖ్య వ్రాసిన కాగితము నుండెను. తెలియని యూరిలో రాత్రివేళ బయటకు పోవక, స్త్రీల నిరీక్షణశాలలో కూర్చుండి, పక్కనున్న పిల్లలతల్లి ఫోనునుండి ఇంటికి కబురుచేసి, తెల్లవారినపిమ్మట బయలుదేరెను. చేరుకాలము పగటిపూట యగు బండిని ఎన్నుకొనవలెననెడి మాట అప్పటినుండి ఆ యింట నియమమయ్యెను. బండి యాలస్యమైన యెడల నిరీక్షణశాలయే సత్రము.

ఇప్పుడు విశ్రాంతి పొందిన యా ఉపాధ్యాయిని జర్మనీకి ప్రయాణమగుచున్నది. కుమార్తె నిండు గర్భవతి. పురిటికి తల్లి పోవలెను. పది దినములుగా వంటయిల్లు నిండ బాలింత సరకే: శొంఠి, వాము, పసుపు, కాయపు దినుసులు. వెన్నకాచి నెయ్యి చేసి డబ్బాలో పోసికొని కూర్చున్న యామె, ఐరోపా సమాఖ్య దేశములకు బయటి దేశములనుండి పాలపదార్థములను ప్రయాణికులు తీసికొనిరారాదని తెలిసినప్పుడు పడిన బాధను నేను దగ్గరనుండి చూచితిని. కోవాబిళ్లలు ఇరుగుపొరుగులకు పంచిపెట్టెను. పచ్చి కరివేపాకు మానివేసి పొడి కొట్టెను. విమానములోనికి ఎండుకొబ్బరి కురిడీలు రానీయరు గనుక వానిని తీసివేసెను. అక్కడి పాడిదేశపు వెన్నతో నెయ్యి కాచుకొనవచ్చునని అమ్మాయి ఫోనులో చెప్పినపిమ్మటగాని యామెకు నిద్ర పట్టలేదు. ఆవకాయ సీసాను రెండు ప్లాస్టిక్కు సంచులలో బిగించి పెద్దపెట్టెలో బట్టల నడుమ నుంచిరి. నూరు మిల్లీలీటర్లకు మించిన ద్రవము చేతిసంచిలో చెల్లదు. పవర్ బ్యాంకు అందుకు విరుద్ధముగా చేతిసంచిలోనే యుండవలెను, పెద్దపెట్టెలో నుండరాదు. రక్తపుపోటు బిళ్లలు వైద్యుల ఇంగ్లీషు చీటీతో సహా చేతిసంచిలోనే, అసలు డబ్బాలలోనే. వీసాకు తప్పనిసరియైన ముప్పదివేల యూరోల బీమాపత్రపు నకలు, పాస్‌పోర్టు మొదటి పుట నకలు నాలో జేరినవి. అసలు పాస్‌పోర్టు నాకు పట్టదు గనుక నా ప్రక్కన నదే కొలతకు నడిమి యర పెంచి క్రొత్త సంచి యొకటి కుట్టుచున్నది. దానికి జంటనాడా యెట్లు దూర్చవలెనో నన్ను తిరుగవేసి చూచి నేర్చుకొనుచున్నది.

నిన్న సాయంకాలము పెద్దపెట్టెను ఆమెయే యెత్తి మెట్లెక్కి దిగెను. మూడవ మెట్టుకడ నాగి, దించి, తెరచి, పట్టుచీరలు రెండు తీసివేసెను. పెట్టె తాళపుచెవి ఒకటి చేతిసంచి లోపలి జేబున, రెండవది నా నడిమి యరలో నున్నవి. మూడవది ఏలూరులోని చెల్లెలికి రేపు పంపవలెనట.