నాలుగడుగుల ముస్తాబు

మా ఇంటి గోడలకి నెమ్ము ఉంది. ఈ ముక్క కొనడానికి వచ్చినవాళ్ళెవరికీ చెప్పలేదు, మీకు చెబుతున్నాను. మీరెలాగూ కొనరని ధైర్యం. బెజవాడ గుణదలలో కొండవైపు పాత ఇళ్ళున్న వాళ్ళకి ఈ బాధ తెలుసు. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే చెమ్మ పునాదిలోంచి పైకి పాకి, గోడ కిందిభాగం పొంగి, పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. మా నాన్నగారు 1983లో స్లాబు వేయించిన దగ్గర్నుంచీ రాలుతూనే ఉంది. ఇన్నేళ్ళూ చీపురుతో ఊడ్చి అవతల పోశామే తప్ప సిగ్గుపడింది లేదు. ఇల్లు అమ్ముదామనుకున్నాక మొదలైంది సిగ్గు.

అసలు అమ్మాల్సినప్పుడు అమ్మి ఉంటే ఈ భాగోతమే లేదు. 2014లో రాజధాని ఇటే వస్తోందనగానే బెజవాడలో గజం రేటు చెట్టెక్కి కూర్చుంది. అప్పుడొకాయన మా గేటు దగ్గర నిలబడి మంచి రేటే అడిగాడు. "ఇంకా పెరుగుతుంది లెండి" అని నవ్వి, కాఫీ ఇచ్చి పంపించాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట బయటికి వచ్చింది, రేటు చెట్టు దిగి వచ్చింది. మళ్ళీ 2024 జూన్‌లో ప్రభుత్వం మారి అమరావతి పేరు వినపడగానే నాలో వ్యాపారి నిద్ర లేచాడు. లేచినవాడు వెంటనే అమ్మాడా? ఆషాఢం అన్నాడు. శ్రావణంలో చూద్దామన్నాడు. శ్రావణం చివరికొచ్చేసరికి బుడమేరు వచ్చింది.

ఆ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆగస్టు 31న కురిసిన వానకి మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ళ మీద పడి మనుషులు పోయారు. మర్నాటికి బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగిపోయాయి. ఆ పైరోజు ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 1957లో బ్యారేజీ కట్టిన తర్వాత అంత నీరు రావడం అదే మొదలు. ఊళ్ళో పల్లంలో ఉన్నవాళ్ళకి నీళ్ళ భయం, మెట్టలో ఉన్నవాళ్ళకి రాళ్ళ భయం. మా వీధి కాస్త మెట్టన ఉండి, కొండకి మరీ దగ్గరగా లేకపోవడంతో నీరూ రాలేదు, రాయీ రాలేదు. బతికిపోయాం అనుకున్నాను. బుడమేరు నుంచి బతికాను గానీ నా తెలివి నుంచి బతకలేదు.

దసరా వెళ్ళాక డాలస్‌లో ఉండే మా అక్క కొడుకు వీడియో కాల్‌లో ఇల్లంతా చూశాడు. చూసి, డాక్టరు ఎక్స్‌రే చూసి పెట్టే మొహం పెట్టాడు. "ఇలా చూపిస్తే ఎవరు కొంటారు మామయ్యా? స్టేజింగ్ చెయ్యాలి" అన్నాడు. అమెరికాలో ఇల్లు అమ్మేముందు నాటకానికి రంగస్థలం సిద్ధం చేసినట్టే ఇంటిని సిద్ధం చేస్తారట. 1970లలో సియాటిల్ దగ్గర బార్బ్ ష్వార్జ్ అనే ఆవిడ మొదలెట్టిందట. మన సామాను తీసేసి, అద్దె సోఫాలు తెచ్చి వేస్తారట. గోడల మీద మన ఫోటోలు ఉండకూడదట, కొనేవాడు అక్కడ తన ఫోటోలు ఊహించుకోవాలట. వాళ్ళు వచ్చే వేళకి ఓవెన్‌లో బిస్కెట్లు కాలుస్తారట, ఆ వాసనకి మనసు కరుగుతుందట. వాడు చెబుతున్నంతసేపూ నేను ఊఁ కొట్టాను. ఫోన్ పెట్టేసరికి బెజవాడలో ఈ విద్య తెలిసిన ఏకైక మనిషిని నేనేనని తేలిపోయింది.

ముందు హాల్లో పీఓపీ సీలింగ్ వేయించాను, దాని అంచుల్లో నీలం లైట్లు పెట్టించాను. మొజాయిక్ నేల మీద తివాచీ పరిపించాను. డాబా మీద ప్లాస్టిక్ గడ్డి. మా ఎదురింటాయనకి గేదె ఒకటి ఉంటే డాబా ఎక్కించేసేవాడేమో, అంత పచ్చగా ఉంది. ఇక గోడల నెమ్ముకి మేస్త్రి ఒక మాట చెప్పాడు. "పెచ్చులు కొట్టేసి, వాటర్ ప్రూఫ్ చేసి, ఎండనిచ్చి, అప్పుడు పుట్టీ పెట్టి రంగెయ్యాలి సార్, రెండు నెలలు పడుతుంది" అన్నాడు. నిజం చెప్పిన మనిషి ఆయనొక్కడే, అందుకే వినలేదు. హాలు చుట్టూ, పడగ్గదుల చుట్టూ, నేల నుంచి నాలుగడుగుల ఎత్తు దాకా టేకు రంగు పీవీసీ షీట్లు కొట్టించేశాను. నెమ్ము కనపడదు, స్టార్ హోటల్లా ఉంటుంది. ఒక్క షీటుకి రెండు పిట్టలు అనుకున్నాను.

"ఏమండీ, అమ్మే ఇంటికి ఇంత ఖర్చేంటండీ? ఇన్నేళ్ళూ వంటింట్లో ఒక్క అర వేయించమంటే వేయించలేదు" అంది మా ఆవిడ. ఆ ప్రశ్నకి నా దగ్గర అప్పుడూ సమాధానం లేదు, ఇప్పుడూ లేదు. అయినా మీ ఇంట్లో షోకేసులో పింగాణీ కప్పులు లేవా? వాటిలో మీరెప్పుడైనా టీ తాగారా? మనం ఉండటానికి ఒక ఇల్లు, ఊరికి చూపించడానికి ఒక ఇల్లు ప్రతివాడికీ ఉంటాయి. నాకు రెండూ ఒక్క కప్పు కిందే ఉండటంతో ఇరుకైంది.

మా అసలు సంసారమంతా వెనక గదిలోకి పోయింది. ఆవకాయ జాడీలు, రెక్క వంగిన టేబుల్ ఫ్యాను, ఇనప ట్రంకుపెట్టె, పిల్లల స్కూలు గ్రూప్ ఫోటోలు, బ్యాంకు క్యాలెండర్లు. దండతో ఉన్న మా నాన్నగారి ఫోటో కూడా. ఆయన కట్టిన ఇంట్లో ఆయన్నే తీసుకెళ్ళి పాత దుప్పట్ల మీద బోర్లా పెట్టాను. మా ఆవిడ చూసి సరిగ్గా వెల్లకిలా తిప్పింది, ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. కొత్త సోఫా మీద మేమెవ్వరం కూర్చోలేదు. దాని ఎదుట నేల మీద కూర్చుని టీవీ చూసేవాళ్ళం. తివాచీ మీద అన్నం మెతుకు పడుతుందని భోజనాలు పెరట్లోనే. సొంత ఇంట్లో మేమున్నంత బెరుకుగా అద్దెకున్నవాళ్ళు కూడా ఉండరు.

కార్తీక మాసంలో బ్రోకరు మొదటి బేరం తెచ్చాడు. భార్యాభర్తలు, ఉద్యోగస్తులు, నెమ్మదస్తులు. వాళ్ళొస్తున్నారని ఫోన్ రాగానే నేను గిన్నెలో నీళ్ళు మరిగించి వెనీలా ఎసెన్సు సీసా సగం ఒంపాను. సరిగ్గా అప్పుడే పక్కింటివాళ్ళు ఎండు మెత్తళ్ళు వేయించారు. ఆ రెండూ కలిసి హాల్లోకి వచ్చిన వాసనకి పేరు పెట్టగలిగినవాడు ఇంకా పుట్టలేదు. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఆయన మాత్రం పీఓపీ వంక చూడలేదు, నీలం లైట్ల వంక చూడలేదు. గోడ దగ్గరికి వెళ్ళి షీటు అంచు మీద వేలు పెట్టి, ఆ గీత వెంబడే హాలంతా ఒక చుట్టు తిరిగి వచ్చాడు.

"నీళ్ళు ఎందాకా వచ్చాయండీ?"

"ఎక్కడికండీ?"

"ఇంట్లోకి."

అప్పటికి గానీ నాకు వెలగలేదు. సెప్టెంబరు వరద తర్వాత బెజవాడలో సగం ఊరు గోడల మీద మట్టి గీతలు చెరుపుకుంటోంది. కొనేవాళ్ళంతా ఇంట్లోకి రాగానే ముందు గోడ కిందిభాగమే చూస్తున్నారు. కొత్త రంగు కనపడితే చాలు అనుమానం. అలాంటి రోజుల్లో నేను ఇల్లు చుట్టూ సరిగ్గా నాలుగడుగుల ఎత్తున, తాడు పట్టి గీసినట్టు, ఖర్చు పెట్టి మరీ వరద గీత గీయించుకున్నాను!

"చుక్క రాలేదండీ, ఇది మెట్ట" అన్నాను. ఆయన నవ్వాడు. "నాలుగడుగులు వేయించారంటే మూడున్నర దాకా వచ్చుంటాయి" అని భార్యతో మెల్లగా అన్నాడు, నాకు వినపడేంత మెల్లగా. నాకు పౌరుషం వచ్చింది. నిజం చెప్పినప్పుడు ఎవరూ నమ్మకపోతే వచ్చే పౌరుషం ఉంది చూశారూ, అబద్ధాలాడేవాడికి అది మరీ ఎక్కువగా వస్తుంది. "నీటి గీత ఉందేమో మీరే చూడండి" అని వంటింట్లోకి పరిగెత్తి స్క్రూడ్రైవరు తెచ్చి, మా ఆవిడ "ఏమండీ వద్దండీ" అంటూనే ఉంది, షీటు అంచులో పెట్టి ఒక్కటి పీకితే, అది ఊడిరాదు, గమ్ముతో పట్టుకుంది, ఇంకాస్త బలంగా లాగితే ఫటేలుమని సగానికి విరిగి, దాంతోపాటు గోడ ప్లాస్టరు బొచ్చెడు ఊడి కొత్త సోఫా మీద పడి, లోపల గాలి ఆడక మగ్గిన నెమ్ము నల్లగా బూజు పట్టి, వేలు పెడితే దిగబడేంత తడిగా, నలుగురి కళ్ళెదుటా నిగనిగలాడుతూ బయటపడింది.

"అయ్యో, ఇంకా ఆరనే లేదు పాపం" అన్నాడాయన. వెటకారం కాదు. నిజంగానే జాలిపడ్డాడు. మమ్మల్ని వరద బాధితుల కింద జమకట్టి, సాయం అందిందా అని కూడా అడిగాడు. మా ఆవిడ కాఫీ తెచ్చింది. తాగి వెళ్ళిపోయారు.

ఆ కబురు బ్రోకర్ల మధ్య ఎంత వేగంగా పాకిందంటే, తర్వాత వచ్చిన ప్రతివాడూ గేటు బయట నుంచే "అదేనా మునిగిన ఇల్లు?" అని అడిగేవాడు. మునగలేదని నేను చెప్పేకొద్దీ నీటిమట్టం పెరిగింది. సంక్రాంతి నాటికి అది సజ్జల దాకా వెళ్ళినట్టుంది.

ఇక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఫిబ్రవరిలో ఇంకొక ఆలోచన చేశాను. ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ ఆర్లాటి 1924లో మా కొండ మీద మేరీమాత విగ్రహం పెట్టించారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో ఆ మాత ఉత్సవాలకి గుణదల గుణదలలా ఉండదు. లక్షల మంది వస్తారు. కొబ్బరికాయలు, కొవ్వొత్తులు, తలనీలాలు, మతాలతో నిమిత్తం లేని జనం. "ఆ మూడు రోజులూ ఎవర్నీ రమ్మనకండి సార్, బండి కూడా రాదు" అన్నాడు బ్రోకరు. ఏరియా ప్రాముఖ్యం కళ్ళారా చూస్తే రేటు పెరుగుతుందని నా లెక్క. హైదరాబాదు నుంచి ఒక కుటుంబాన్ని పదో తేదీనే రప్పించాను. కారు ఎక్కడో ఆపేశారు, నడిచారు, జనంలో కలిసిపోయారు. సాయంత్రం ఫోన్ చేశారు. దర్శనం చాలా బాగా జరిగిందట, పిల్లాడికి గుండు కూడా చేయించారట, అటునుంచి అటే బయల్దేరిపోయారట. "చాలా థాంక్సండీ" అన్నారు. నా వల్ల ఒక మొక్కు తీరింది, బేరం తీరలేదు.

చివరికి కొన్నది ఒక బిల్డరు. వచ్చాడు గానీ లోపలికి రాలేదు. ఆ రోజు కూడా నేను నీలం లైట్లు వేసి, విరిగిన షీటు ముందు పూలకుండీ పెట్టి గుమ్మంలో నిలబడ్డాను. ఆయన చెప్పులు కూడా విప్పలేదు. టేపు తీసి, కుర్రాడి చేత రెండో కొస పట్టించి, ముందు రోడ్డు కొలిచాడు. రోడ్డు ఎంత వెడల్పుంటే దాన్నిబట్టే ఎన్ని అంతస్తులకి అనుమతి ఇస్తారో తేలుతుందట. తర్వాత స్థలం నాలుగు పక్కలా కొలిచాడు. ఈశాన్యం మూల చూశాడు. ఈసీ అడిగాడు, లింకు డాక్యుమెంట్లు అడిగాడు, ఇంటిపన్ను రసీదులు అడిగాడు, సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో లేదు కదా అన్నాడు.

"లోపల చూస్తారా?" అన్నాను.

"ఎందుకండీ? ఎలాగూ పడగొట్టేదే కదా."

ఆ మాటకి నేను కాసేపు మాట్లాడలేదు. పీఓపీ, తివాచీ, సోఫా, వెనీలా, అన్నీ కళ్ళముందు తిరిగాయి. నెమ్ము సంగతి ఒకటి ఆయన చెవిన వేశాను, ఇక దాచి ఏం లాభమని. "పునాదులే తవ్వేస్తాం కదండీ" అని నవ్వాడు. ఏడున్నర శాతం రిజిస్ట్రేషన్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న దగ్గర మాత్రం ఆయన నవ్వలేదు, ఒక గంట బేరమాడాడు. ఐదు శాతం స్టాంపు డ్యూటీ, ఒకటిన్నర ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఒకటి ఫీజు: అదిగో, ఆయన చూసిన ఇల్లు అది.

ఇంతకీ లింకు డాక్యుమెంట్లు ఎక్కడున్నాయి? వెనక గదిలో ట్రంకుపెట్టెలో. ట్రంకుపెట్టె ఎక్కడుంది? నేను దాచిన సంసారమంతటికీ అడుగున. ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి మేమిద్దరం జాడీలూ ఫ్యానూ దుప్పట్లూ మోసుకుంటూ అవన్నీ తెచ్చి హాల్లో సోఫా మీదే పడేశాం. నాన్నగారి ఫోటో మా ఆవిడ తీసుకెళ్ళి పాత మేకుకి తగిలించింది. ఆ మేకు పీకించడం నేను మర్చిపోయాను కాబట్టి సరిపోయింది. కొత్తగా చేయించినవాటిలో పనికొచ్చినవి ఏమీ లేవు, మర్చిపోయిన మేకు ఒక్కటి పనికొచ్చింది.

రేటు 2014లో గేటు దగ్గర ఆయన అడిగినదానికన్నా ఎక్కువే వచ్చింది. మా బావమరిది అప్పటి సొమ్ముకి వడ్డీ కట్టి చూద్దామని కాగితం తీశాడు, నేను లాక్కున్నాను. డాలస్‌కి ఫోన్ చేసి అమ్ముడైందని చెబితే మేనల్లుడు "చూశావా మామయ్యా, స్టేజింగ్ మహిమ" అన్నాడు. కాదని చెప్పలేదు. వాడికైనా ఒక విజయం ఉండనివ్వండి.

బిల్డరు ఒక్కటే షరతు పెట్టాడు, ఖాళీ చేసేటప్పుడు లోపల ఏమీ మిగల్చొద్దని. కాబట్టి మీకొక మనవి. టేకు రంగు పీవీసీ షీట్లు ఉన్నాయి, నాలుగడుగులవి, ఒక్కటే విరిగింది. నీలం లైట్లు వెలుగుతున్నాయి. ప్లాస్టిక్ గడ్డి వాడలేదు. సోఫా మీద మేము కూర్చోలేదు, ప్లాస్టరు మరక ఒకటుంది, దులిపితే పోతుంది. కావలసినవాళ్ళు గుణదల వచ్చి పట్టుకుపోవచ్చు, ఆటో ఖర్చులు నేనే ఇస్తాను. కానీ మీ ఇల్లు అమ్మడానికి మాత్రం వాడకండి.