ఎంజీబీ ఇంజన్ విప్పబోయేవారికి కొన్ని ధైర్యవచనాలు

ఇంగ్లండులో ఉద్యోగం, ఇంటి పక్కన గరాజు, గరాజులో ఒక పాత ఎంజీబీ. ఈ మూడూ సమకూరిన తెలుగువాడు ఇంకా మెకానిక్కు కోసం వెతకడం చదువుకున్న చదువుకే అవమానం. ఆబింగ్డన్ ఫ్యాక్టరీ నుంచి 1962, 1980 మధ్య ఈ కార్లు 5 లక్షలకు పైగా బయటికొచ్చాయి. అన్ని లక్షల ఇంజన్లనూ ఎవరో ఒకరు చేత్తో బిగించే ఉంటారు. వాళ్ళవల్ల అయింది మనవల్ల కాదా? బీటెక్కులో మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడినవారికైతే ఇది మరీ సులువు. థర్మోడైనమిక్స్ పేపరు గట్టెక్కినవాడికి నట్టు బిగించడం ఒక లెక్కా!

కింద చిట్కాలు ఎన్ని ఉన్నా మూలసూత్రం ఒక్కటే. కొలవకండి. కొలిస్తే తెలుస్తుంది, తెలిస్తే ఖర్చవుతుంది. మైక్రోమీటరు పెట్టేదాకా ప్రతి క్రాంకూ బాగానే ఉంటుంది. వేలితో నిమిరి ‘నున్నగానే ఉందే’ అనుకుంటే సరిపోయేదానికి, అంగుళాన్ని వెయ్యి భాగాలు చేసి అందులో రెండు తగ్గాయని బెంగపెట్టుకునేవాళ్ళు బాగుపడిన దాఖలాలు లేవు.

అన్నిటికన్నా ముందు విజయవాడ ఆటోనగర్‌కు ఫోన్ చేసే ఆలోచన మానుకోండి. కారణం లేకపోలేదు. ఎంజీబీలో ఉన్నది బీఎంసీ వారి బి-సిరీస్ ఇంజన్. మన అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు తిరిగిన 1489 సీసీ పెట్రోలు ఇంజన్‌దీ అదే వంశం. రెండింటికీ స్ట్రోకు 88.9 మిల్లీమీటర్లే. అంబాసిడర్‌లో 73 మిల్లీమీటర్లున్న బోరు ఎంజీబీలో 80.26 అయింది, అలా 1798 సీసీ తేలింది. అంటే ఒకప్పుడు మీ నాన్నగారి కారుకు ఇంజన్ పని చేసిన మేస్త్రికి, మీ స్పోర్ట్స్ కారు కడుపులో ఏముందో మీకంటే బాగా తెలుసు. వారాంతాల్లో టోపీ పెట్టుకుని పల్లెదారుల్లో తిరగాలనుకున్నవాడికి ఇది మింగుడుపడే సంగతి కాదు. పైగా ఆయన ఫోన్ ఎత్తగానే ‘బోరు ఎంత తిన్నది బాబూ? క్రాంకు ఎన్నో సైజులో ఉంది?’ అని మొదలుపెడతాడు. జవాబు చెప్పాలంటే కొలవాలి. మన సూత్రం మొదటిరోజే భంగమైపోతుంది.

ఇక పనిలోకి దిగుదాం. ఇంజన్ బరువు 150 కిలోలు దాటుతుంది. దించడానికి క్రేను అద్దెకు తెచ్చేవాళ్ళున్నారు. గరాజు కప్పుకు దూలం ఉన్నది ఎందుకు? తాడు కట్టండి. దూలం ఆగుతుందా లేదా అన్నది దూలమే చెబుతుంది. ఆ మాట అది చెప్పే సమయానికి మీరు కింద మాత్రం ఉండకండి. ఈ వ్యాసం మొత్తంలో పాటించదగ్గ సలహా బహుశా ఇదొక్కటే.

పనిముట్లకు సూపర్‌మార్కెట్‌లో దొరికే మిల్లీమీటరు పానాల సెట్టు చాలు. ఈ ఇంజన్ నట్లన్నీ అంగుళాల లెక్కవి, దానికి కంగారు పడనక్కర్లేదు. అరంగుళం నట్టు అంటే 12.7 మిల్లీమీటర్లు, 13 పానా ఎలాగో పట్టుకుంటుంది. 9/16 నట్టు మాత్రం 14.3. దానికి 14 పానా ఎక్కదు, 15 వేస్తే పానా తిరుగుతుంది గానీ నట్టు తిరగదు. నాలుగుసార్లు అలా తిప్పాక నట్టు గుండ్రంగా తయారవుతుంది. గుండ్రటి నట్టుతో సైజుల గొడవే ఉండదు, ఉలీ సుత్తీ చాలు.

విప్పినవన్నీ ఒకే బక్కెట్లో వేయండి. ఫొటోలు తీసేవాళ్ళు, సంచులకు చీటీలు కట్టేవాళ్ళు తమ జ్ఞాపకశక్తి మీద నమ్మకం లేనివాళ్ళు. కనెక్టింగ్ రాడ్డునూ దాని కాప్‌నూ కలిపి బిగించి ఒకేసారి బోరు చేస్తారు, అందుకే రెండింటి మీదా ఒకే నంబరు ఉంటుంది. ఒకదాని కాప్ మరొకదానికి వేస్తే ఆ రంధ్రం కచ్చితంగా గుండ్రంగా రాదు. రాకపోతే ఏం, చూసేవారెవరు? టాపెట్లు ఇంకో తమాషా. క్యామ్ షాఫ్టు మీద ఒక్కో ముక్కుతో ఒక్కో టాపెట్టు ఏళ్ళ తరబడి అరిగి అరిగి ఒద్దికగా కాపురం చేస్తూ ఉంటుంది. ఎనిమిదింటినీ కలగాపులగం చేసి కొత్త సంబంధాలు కుదర్చండి. కొత్త క్యామ్ కొన్నారా, పాత టాపెట్లే దానికీ కట్టబెట్టండి. కొన్ని వందల మైళ్ళలో ఆ ముక్కులు అరిగిపోయి వాల్వులు సగమే తెరుచుకుంటాయి. మీరేమో కార్బురేటర్లు ట్యూన్ చేస్తూ కూర్చోవచ్చు.

ఇప్పుడు అసలు గండం. బోరు. సిలిండరు అన్నిచోట్లా సమంగా అరగదు. పై రింగు వెళ్ళి ఆగే చోటికి కాస్త కింద ఎక్కువ, అడుగున తక్కువ. పిస్టన్ ఒరిగి నొక్కే రెండు పక్కలా మరికాస్త ఎక్కువ. అందుకని పైన, మధ్యలో, కింద, ప్రతిచోటా రెండు దిక్కులా కొలవమంటారు. ఒక్కో సిలిండరుకు ఆరు కొలతలు, నాలుగింటికి ఇరవై నాలుగు. ఇరవై నాలుగు ప్రశ్నలడిగితే ఏదో ఒకదానికి చేదు జవాబు వచ్చితీరుతుంది. అప్పుడిక రీబోరు, ఓవర్‌సైజు పిస్టన్లు, లేతు షాపు చుట్టూ ప్రదక్షిణలు. ఇంత తిప్పలకన్నా లోపలికి టార్చిలైటు వేసి చూడడం మేలు. అద్దంలా మెరుస్తుంటే సంతోషించండి. ఆ మెరుపు మీద కొత్త రింగులు పట్టవు, హోనింగ్ చేసి అడ్డగీతలు పడేలా గీకాలి, అప్పుడే ఆ గీతల్లో ఆయిలు నిలుస్తుంది అనేవాళ్ళుంటారు. మెరిసేదాన్ని గీకమనేవాళ్ళ సౌందర్యదృష్టి గురించి మనం మాట్లాడుకోకపోవడం మంచిది. పైన అరగకుండా మిగిలిన అంచును కూడా ముట్టుకోకండి. కొత్త పై రింగు వెళ్ళి ఆ అంచుకు కొట్టుకుంటుంది. ఏది గెలుస్తుందో మొదటి డ్రైవులో తెలుస్తుంది.

క్రాంకు దగ్గర కూడా ఇదే నిబ్బరం కావాలి. 1964 చివరిదాకా వచ్చిన ఎంజీబీల్లో క్రాంకును మోసేవి మూడు మెయిన్ బేరింగులే, ఆ తర్వాత ఐదు. విడిభాగాల దుకాణంలో మీది ఏదని అడిగితే ఎక్కువ ఉన్నదే ఇమ్మనండి. అరవై ఏళ్ళ కారు, ఇదివరకు ఎవరో ఒకరు క్రాంకు గ్రైండింగ్ చేయించే ఉంటారు. అలా చేయించినదానికి ఎంత తగ్గించారో అంతకు తగ్గ 10, 20, 30, 40 సైజు షెల్సు వేయాలి. పాత షెల్ వీపు మీద ఆ అంకె ఉంటుంది. తిప్పి చూడకండి. స్టాండర్డ్ సైజు షెల్సు కొనేయండి. క్రాంకుకూ షెల్‌కూ మధ్య ఆయిలు నిలవడానికి అంగుళంలో వెయ్యో వంతు నుంచి రెండున్నర వంతుల దాకా సందుండాలని, అది చూసుకోవడానికి ప్లాస్టిగేజ్ అనే మెత్తటి దారం ఉందని చెబుతారు. దాన్ని క్రాంకు మీద పెట్టి, కాప్ పూర్తిగా బిగించి, మళ్ళీ విప్పి, ఎంత వెడల్పుగా నలిగిందో కవరు మీది స్కేలుతో పోల్చాలట. బిగించినదాన్ని మళ్ళీ విప్పడం అపశకునం. స్టాండర్డ్ షెల్సులో ఇరవై సైజు క్రాంకు పెట్టి వేలితో తోస్తే గిర్రున తిరుగుతుంది. ఇంత తేలిగ్గా తిరగడమే పనితనమని చూడవచ్చిన స్నేహితులకు చెప్పండి. వాళ్ళు కూడా సాఫ్ట్‌వేరే కాబట్టి తలూపుతారు. నడుమ బేరింగుకు రెండు పక్కలా వచ్చే థ్రస్ట్ వాషర్లకు ఒకవైపు ఆయిలు గాళ్ళుంటాయి, అవి క్రాంకు వైపు ఉండాలి. గాళ్ళున్న వైపు చూడ్డానికి బాగోదు కాబట్టి లోపలికి దాచేయండి.

కడగడం గురించి ఒక్క మాట. హోనింగ్ చేసిన బ్లాకును పెట్రోలుతో తుడిస్తే సరిపోదని, వేడినీళ్ళూ సబ్బూ పెట్టి బ్రష్షుతో రుద్ది, తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగా వచ్చేదాకా కడగాలని పెద్దలు అంటారు. ఆ గరుకు పొడి ఆయిల్లో కలిసి తిరిగితే కొత్త రింగుల్నీ కొత్త బేరింగుల్నీ నూరేస్తుంది నిజమే. అయినా సబ్బూ బ్రష్షూ మీ ఆవిడవి. అవి నల్లబడ్డాక జరిగేది ఇంజన్ నష్టంకన్నా పెద్దది. ఆయిలు దారుల కొసల్లో ఉన్న బిరడాలు ఊడదీసి లోపలికి బ్రష్షు దూర్చేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళకు వేరే పని లేదు.

టార్క్ రెంచి మరో అనవసరపు కొనుగోలు. మెయిన్ బేరింగు నట్లకు 70 పౌండ్-అడుగులు, రాడ్లకు 35 నుంచి 40, హెడ్డుకు 45 నుంచి 50 అని ఈ ఇంజన్‌కు లెక్కలున్నాయి. మన లెక్క ఇంకా సులువు: పళ్ళు బిగించేదాకా ఒకటి, కళ్ళు తిరిగేదాకా రెండు. హెడ్డు మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి, విడతలు విడతలుగా బిగించాలంటారు. మీకు అందుబాటులో ఉన్న మూల నుంచి మొదలుపెట్టి ఒకే విడతలో కానిచ్చేయండి. పాత బి-సిరీస్ హెడ్లకు ఎగ్జాస్టు వాల్వు సీట్ల దగ్గర పగుళ్ళు రావడం మామూలు. పరీక్ష చేయిస్తే కనబడుతుంది, చేయించకపోతే రేడియేటర్లో బుడగలుగా కనబడుతుంది. ఎటు తిరిగీ కనబడేదానికి ముందే డబ్బు కట్టడం దేనికి?

వాల్వు సందులకు ఈ ఇంజన్ కోసం ఒక చక్కటి కిటుకు ఉంది, దాన్ని చెడగొట్టడానికి నాకే మనసొప్పడం లేదు. ముందు నుంచి వాల్వులకు 1 నుంచి 8 దాకా అంకెలు వేసుకుంటే, పూర్తిగా తెరుచుకున్న వాల్వు అంకెను తొమ్మిదిలోంచి తీసేస్తే ఏది మిగిలితే ఆ వాల్వును సరిచేయాలి. ఎనిమిదోది తెరుచుకుంటే ఒకటోది, ఆరోది తెరుచుకుంటే మూడోది. సందు అంగుళంలో వెయ్యికి 15 వంతులు. ఈ లెక్క ఎక్కాలు రానివారికి కూడా వస్తుంది కాబట్టి మీ స్థాయికి తగదు. టకటక చప్పుడు వినబడకుండా అన్నిటినీ బిగించేయండి. ఎగ్జాస్టు వాల్వులు సీటు మీద సరిగా కూచోక అంచులు కాలతాయి, కానీ ఇంజన్ ఎంత నిశ్శబ్దం!

మిగిలింది రంగు. తొలినాటి ఇంజన్లకు ముదురు ఎరుపు. జిడ్డు మీదే పూయండి. నిజం చెప్పాలంటే మనలాంటివారం ఈ మొత్తం పనిలో శ్రద్ధగా చేసేది ఇదొక్కటే, ఫొటోల్లో పడేదీ ఇదే.

స్టార్టు చేసే రోజు చుట్టుపక్కలవాళ్ళను పిలవండి. బ్యాటరీ ఎలా కట్టాలన్న చర్చ వద్దు. 1967 దాకా వచ్చిన ఎంజీబీల్లో బాడీకి కలిపేది పాజిటివ్ అని ఎవరైనా గుర్తు చేస్తే, ఇప్పటి కార్లన్నిటికీ నెగెటివే కదా అని కొట్టిపారేయండి. కొత్తగా బిగించిన ఆయిలు పంపు ఎండిపోయి ఉంటుంది. ముందుగా ప్లగ్గులు తీసేసి, గేజీలో ప్రెషరు కనబడేదాకా స్టార్టరుతో తిప్పమంటారు. వచ్చినవాళ్ళు అంతసేపు నిలబడరు. నేరుగా అంటించండి. అంటుకోగానే, పసిబిడ్డను లేపకూడదన్నంత మెల్లగా ఐడ్లింగులో ఉంచండి. కొత్త క్యామ్ ఉన్న ఇంజన్‌ను మొదటి ఇరవై నిమిషాలూ 2000 ఆర్‌పీఎంకు పైనే నడపాలంటారు. ఎందుకంటే క్యామ్ ముక్కులకు ఆయిలు అందేది ప్రధానంగా తిరిగే క్రాంకు చిమ్మినప్పుడే. ఐడ్లింగులో క్రాంకు సరిగా చిమ్మదు, ముక్కులూ టాపెట్లూ పొడిగా రాసుకుంటాయి. ఇదంతా నిజమే గానీ, కొత్త ఇంజన్ మీద అంత గట్టిగా గొంతు పెంచడం సంస్కారం కాదు.

ఇక కారు అమ్మేయండి. ప్రకటనలో ‘ఇంజన్ పూర్తిగా రీబిల్డ్ చేయించినది’ అని రాయండి. ‘చేయించినది’ అనే రాయాలి, ‘చేసినది’ అని పొరపాటున కూడా రాయకూడదు. చూడటానికి వచ్చేవారిని పొద్దున్నే రమ్మనండి, అప్పటిదాకా ఇంజన్ స్టార్టు చేయకండి. చల్లగా ఉన్న 20డబ్ల్యూ-50 ఆయిలు చిక్కగా ఉంటుంది, కాబట్టి బేరింగులు బాగా వదులుగా ఉన్నా గేజీ ముల్లు మొదట్లో పైకే లేచి నిలబడుతుంది. ఆయిలు వేడెక్కి పలచబడ్డాక మాత్రం సంగతి బయటపడుతుంది: బాగున్న బి-సిరీస్ ఇంజన్ రోడ్డు మీద 50 పీఎస్‌ఐకి తగ్గదు. మీది ఎంతకు దిగుతుందో కొన్నాయన ఇంటికి వెళ్ళే దారిలో ఆయనే చూసుకుంటాడు. ఆ లోపే డబ్బు మీ ఖాతాలో పడేలా చూసుకోండి.