ఇక అసలు సంగతి

బాపట్ల వ్యవసాయ కళాశాలలో 1985లో చేరి 1989లో పట్టాలు పుచ్చుకున్న తొమ్మిది మంది మిత్రుల సంగతి ఇది. తొమ్మిది మందివీ హాస్టల్లో ఒకే వరండా గదులు. అమ్మానాన్నలు పెట్టిన పేర్లు హాజరు పట్టీ వరకే. వాళ్ళలో వాళ్ళు పిలుచుకోవడం మాత్రం ఊరి పేర్లతోనే. తెనాలి, నంద్యాల, కావలి, పాలకొల్లు, ఆముదాలవలస, రేపల్లె... ఇప్పుడు అందరూ అరవైకి దగ్గర పడుతున్నారు. ఇప్పటికీ అవే పిలుపులు. నాకు ఇదంతా చెప్పింది తెనాలి.

వాళ్ళు రెండో సంవత్సరంలో ఉండగా, 1986లో, బాపట్లలోనే తయారైన బీపీటీ 5204 వరి వంగడం విడుదలైంది. సాంబ మసూరి అని ఊరూరా పాకిన బియ్యం అదే. పాఠం చదివేది, పైరు చూసేది, మెస్సులో తినేది అన్నీ ఒక్కటే అయిన రోజులు. ఆదివారం వస్తే సైకిళ్ళ మీద సూర్యలంక తీరానికి. ఇలాంటి నాలుగేళ్ళు గడిచాక విడిపోవడం ఎవరికైనా కష్టమే.

కోర్సు అయ్యాక కొందరు వ్యవసాయాధికారులయ్యారు. కావలి విత్తనాల కంపెనీలో చేరాడు. ఆముదాలవలస పరిశోధన పూర్తి చేసి అమెరికా వెళ్ళాడు. నంద్యాల బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసరయ్యాడు. రేపల్లె ఒక్కడే ఇంటికి వెళ్ళిపోయాడు. తండ్రికి పక్షవాతం వచ్చింది. కాలువ చిట్టచివర ఏడెకరాల మాగాణి, చూసేవాళ్ళు లేరు. చదివిన చదువంతా ఆ ఏడెకరాల్లో పెట్టాడు.

పాలకొల్లు ఒక ఏర్పాటు చేశాడు. తొమ్మిది మందీ తలా ఒక ఉత్తరం రాసి ఒకే కట్టగా కడతారు. కట్ట రిజిస్టర్డ్ పోస్టులో ఒకరి నుంచి ఒకరికి వెళుతుంది. అది చేరినవాడు ఎనిమిది మందివీ చదవాలి, తను పోయినసారి రాసిన ఉత్తరం తీసి దాచుకోవాలి, దాని చోట కొత్తది పెట్టి తరువాతి వాడికి పంపాలి. కాలువ చివరి పొలాలకు వంతులవారీగా నీళ్ళు వదిలినట్టే కాబట్టి ఆ కట్టకు ‘వంతు’ అని పేరు పెట్టుకున్నారు. పోస్టుమ్యాన్ సంతకం పెట్టించుకుని కట్ట ఇచ్చి వెళితే ఆ రాత్రి ఆ ఇంట్లో దీపం ఆలస్యంగా ఆరేది. ఒక చుట్టు తిరగడానికి ఐదారు నెలలు పట్టేది. అందులో పెళ్ళిళ్ళు, బదిలీలు, పురుళ్ళు, అప్పులు, పై అధికారులతో గొడవలు, అన్నీ ఉండేవి.

అన్నిట్లోకీ పొడవైన ఉత్తరం రేపల్లెది. నారుమడితో మొదలుపెట్టేవాడు. కాలువకు నీళ్ళు ఎప్పుడొచ్చాయి, దోమ ఎంత పట్టింది, అగ్గితెగులుకు ఏ మందు పనిచేసింది, బస్తా ఎంతకు పోయింది, రెండు పేజీలు ఇదే. ఆ తర్వాత చిట్టచివర ఒక గీత గీసి, ‘ఇక అసలు సంగతి’ అని రాసి, తన సంగతి మూడు ముక్కల్లో ముగించేవాడు. పెళ్ళి కుదిరిన సంగతి అలాగే రాశాడు. తండ్రి పోయిన సంగతీ అలాగే రాశాడు. తనకు కావలసింది ముందు చెప్పుకోవడం ఆయన స్వభావంలోనే లేదు. అందుకే కట్ట విప్పిన ప్రతివాడూ రేపల్లె ఉత్తరాన్ని కింది నుంచి పైకి చదివేవాడు.

రేపల్లెకూ నంద్యాలకూ మధ్య ఇంకో ముడి ఉంది. మూడో ఏడు ఎన్నెస్సెస్ రక్తదాన శిబిరంలో పరీక్ష చేస్తే ఇద్దరిదీ ఓ నెగెటివ్ అని తేలింది. చాలా అరుదుగా దొరికే రక్తం. ఈ రక్తం అవతలివాళ్ళకు ఎవరికైనా ఎక్కించవచ్చు గానీ, ఈ రక్తం ఉన్నవాడికి మాత్రం మళ్ళీ ఇదే కావాలి. ‘మీరిద్దరూ ఒకరి చిరునామా ఒకరి దగ్గర పెట్టుకోండి’ అన్నాడు డాక్టరు. 1994లో నంద్యాల స్కూటరు మీద నుంచి పడి కర్నూలు ఆస్పత్రిలో చేరితే, రేపల్లెకు టెలిగ్రాం వెళ్ళింది. నాట్లు వేస్తున్న కూలీలను చేలోనే వదిలేసి, ఉన్న లుంగీ మార్చుకుని బస్సెక్కాడు. తెల్లారేసరికి కర్నూల్లో ఉన్నాడు. రక్తమిచ్చి, ఒక గ్లాసు బత్తాయి రసం తాగి, మధ్యాహ్నం బస్సుకు వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వచ్చిన వంతులో దాని గురించి ఒక్క మాట రాయలేదు.

సెల్‌ఫోన్లు వచ్చాయి. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమైంది. ఇంకా ఉత్తరాలేమిటి, ఎప్పుడు కావాలంటే అప్పుడు మాట్లాడుకోవచ్చు కదా అనుకున్నారు. వంతు ఎవరో ఒకరి దగ్గర ఆగిపోయింది. ఎవరి దగ్గర ఆగిందో కూడా ఎవరూ అడగలేదు. కొన్నేళ్ళకు బ్యాచ్ మొత్తానికి వాట్సాప్ గ్రూపు వచ్చింది.

గ్రూపులో సందడికి లోటు లేదు. పొద్దున్నే దేవుళ్ళు, పూలు. ఆ తర్వాత ప్రమోషన్లు, గృహప్రవేశాలు, కొత్త కార్లు, పిల్లల సీట్లు, అమెరికా ప్రయాణాలు, మనవళ్ళ బారసాలలు. ఏది పెట్టినా నిమిషంలో చప్పట్లు, దండాలు, బొటనవేళ్ళు. నాకు ఈ సందడి మీద కోపం లేదు. ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోగలగడం చిన్న వరమేమీ కాదు. కానీ వంతులో ఒక కట్టుబాటు ఉండేది: ఎనిమిది మంది చెప్పింది చదివాకే నీది రాయాలి. స్నేహం నిలిచింది ఆ చదవడం వల్ల. చెప్పుకునేవాళ్ళు ఎంతమంది ఉన్నా, చెప్పింది చివరిదాకా వినేవాడు ఒక్కడైనా లేకపోతే అది సంతే గాని స్నేహం కాదు.

గ్రూపులో కూడా రేపల్లె పాత పద్ధతే. నారుమడి, కాలువ, తెగులు, ధర. ఫోను తెర నిండిపోయేంత పొడవు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటాక కూడా అలాంటిదే ఒకటి పెట్టాడు. ఆ తర్వాత మాత్రం మారిపోయాడు. రాయడం మానేశాడు. ఎవరు ఏం పెట్టినా, పెళ్ళయినా చావయినా, ఒక్క బొటనవేలు. అంతే. ‘వీడికి ఏదో గర్వం పట్టిందిరా’ అని కావలి అంటే, ‘పంట పోయింది కదా, దిగులు’ అన్నాడు పాలకొల్లు.

2024 డిసెంబరులో, ముప్పై ఐదేళ్ళ సందర్భంగా, బాపట్లలో కలవాలనుకున్నారు. ఎవరెవరు వస్తారో గ్రూపులో చెప్పమన్నారు. రేపల్లె బొటనవేలు పెట్టాడు. ఆయన పేరు కూడా లెక్కలో వేసి భోజనాలు చెప్పారు. అందరికంటే దగ్గర ఊరువాడు, అందరూ వచ్చినా ఆయన రాలేదు. విస్తరి ముందు కుర్చీ ఖాళీగా ఉండిపోయింది.

మర్నాడు తెనాలి, నంద్యాల కారు వేసుకుని రేపల్లె వాళ్ళ ఊరు వెళ్ళారు. ఇంటి ముందు కళ్ళంలో వడ్లు ఆరబోసి ఉన్నాయి. రేపల్లె బాగా చిక్కిపోయాడు. వీళ్ళను చూసి ఎదురొచ్చి ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకున్నాడు. ఆయన భార్య కాళ్ళకు నీళ్ళిచ్చి, ‘భోంచేసి వెళ్ళాలి అన్నయ్యగారూ’ అంటూ లోపలికి వెళ్ళింది.

తెనాలి ఊరుకోలేదు. “ఏందిరా, వస్తానని బొటనవేలు పెట్టి రాకపోతే ఎట్టా? నీ కోసం ఎంతసేపు చూశామో తెలుసా?”

రేపల్లె కాస్త ఆగి అడిగాడు. “బొటనవేలు పెడితే రావాలంటావా?”

ఇద్దరూ పెద్దగా నవ్వారు. రేపల్లె కూడా నవ్వాడు.

భోజనాల దగ్గర పాతికేళ్ళ కుర్రాడొకడు చేలో నుంచి వచ్చి వీళ్ళ పక్కనే కూర్చున్నాడు. ఆమె అతనికి అడక్కుండానే నెయ్యి వేసింది. ‘ఎవరమ్మా, చుట్టాల అబ్బాయా?’ అన్నాడు నంద్యాల.

“కొడుకు లాంటివాడండీ. గుంటూరు ఆస్పత్రిలో క్యాంటీన్‌లో పనిచేస్తాడు. కోతలని సెలవు పెట్టుకుని వచ్చాడు. పోయినేడు ఈయనకి రక్తమిచ్చింది ఈ బాబే.”

నంద్యాల చెయ్యి కంచంలోనే ఆగింది. “రక్తమేంటి? ఎప్పుడు?”

“ఇప్పుడవన్నీ ఎందుకు? వాళ్ళకి పప్పు వెయ్యి” అన్నాడు రేపల్లె.

ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. “మీకు తెలియకపోవడమేంటి అన్నయ్యగారూ? పేగులో గడ్డ అన్నారు. తుపాను వెళ్ళిన వారానికే ఆపరేషన్. రెండు బాటిళ్ళు రక్తం సిద్ధం చేసుకోమన్నారు. ఒకటి బ్లడ్ బ్యాంకులో దొరికింది. రెండోదానికి మీరున్నారని ఈయన ధీమా. గ్రూపులో రాశారు, మీరు సరేనన్నారు. మా తమ్ముడు తెలిసినవాళ్ళని అడుగుతానంటే అడగనివ్వలేదు. ‘నంద్యాల ఇల్లు గుంటూరులోనే, ఆస్పత్రికి రెండు వీధుల అవతల. సరేనన్నాడు, నడిచొస్తాడు’ అన్నారు.”

“నేనా? నేను సరేనన్నానా?”

“గురువారం రాత్రి దాకా మీరు రాకపోతే, ఒకసారి ఫోన్ చేద్దామండీ అన్నాను. ‘సరేనన్నవాణ్ణి మళ్ళీ అడిగితే నమ్మనట్టు ఉంటుంది, బాగుండదు’ అన్నారు. శుక్రవారం పొద్దున నా ఫోన్ నుంచి నేనే రెండుసార్లు చేశాను. మీరు ఎత్తలేదు. ఆపరేషన్ ఆపేశారు. మర్నాడు టీ ఇవ్వడానికి వచ్చిన ఈ బాబు మా మాటలు విని, నాదీ అదే రక్తమమ్మా అన్నాడు.”

తెలియని నంబర్లు ఎత్తకపోవడం నంద్యాలకు ఎప్పటి నుంచో ఉన్న అలవాటు.

“పోనీలేరా, ఏ పనిలో ఉన్నావో ఏమో. బాగానే ఉన్నాగా ఇప్పుడు. తినండి ముందు” అన్నాడు రేపల్లె. ఆ మాటలో ఎక్కడా నిష్ఠూరం లేదు. ఆయన మళ్ళీ పప్పు, పెరుగు దగ్గరుండి వేయించాడు. వెళ్ళేటప్పుడు కొత్త బియ్యం రెండు సంచులు కారులో పెట్టించాడు.

ఊరు దాటాక నంద్యాల కారు పక్కకు ఆపాడు. ఫోను తీసి గ్రూపులో వెనక్కి, ఇంకా వెనక్కి జరుపుకుంటూ వెళ్ళాడు. మనవళ్ళు, కార్లు, పూలు, దేవుళ్ళు. 2023 డిసెంబరు 11 దగ్గర ఆగాడు. తెనాలి కూడా వంగి చూశాడు. పైకి కనిపించే ఆ వరుసలు ఇద్దరికీ గుర్తే.

‘మిత్రులందరికీ నమస్కారం. మిగ్‌జాం వెళ్ళిపోయింది గానీ మా వైపు కోతకొచ్చిన వరి మొత్తం పడిపోయింది. గింజ కంకిలోనే మొలకెత్తకుండా లీటరు నీళ్ళకు 50 గ్రాముల ఉప్పు కలిపి కొట్టిస్తున్నాను...’

దాని పక్కన నీలం అక్షరాల్లో ‘రీడ్ మోర్’ అని ఉంది. ఏడాది తర్వాత నంద్యాల దాన్ని మొదటిసారి నొక్కాడు.

ఉత్తరం జాలువారింది. చేలో నిలిచిన నీళ్ళు, తేమ పదిహేడు శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరన్న దిగులు, బస్తా ధర. కింద ఒక గీత. గీత కింద:

‘ఇక అసలు సంగతి. శుక్రవారం గుంటూరులో నాకు ఆపరేషన్. ఒక బాటిల్ రక్తం తక్కువైంది. నంద్యాలా, నువ్వు ఊళ్ళోనే ఉన్నావు కదా, గురువారం సాయంత్రం ఒకసారి రా. వీలుకాకపోతే మొహమాటపడకుండా ఒక్క ముక్క చెప్పు, వేరేవాళ్ళని అడుగుతాను.’

దాని కింద పంతొమ్మిది బొటనవేళ్ళు. అన్నిటికంటే ముందు పెట్టింది నంద్యాల.