మాంద్యం బాబాయి

ఎవరింట్లోనైనా ఉద్యోగం ఊడిందని తెలిస్తే చుట్టాలంతా "అయ్యో" అంటారు. మా బాబాయి చెప్పులేసుకుంటాడు. చంకలో బ్యాంకువాళ్లిచ్చిన పాత డైరీ, జేబులో రీఫిళ్లు మార్చి మార్చి వాడుతున్న పెన్ను, మొహంలో పెళ్లికళ. "కష్టకాలమే కాసుల కాలంరా" అంటూనే గుమ్మంలో అడుగుపెడతాడు. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. మార్కెట్లు బాగున్నన్నాళ్లూ ఆయనకు మోకాళ్ల నొప్పులు. సెన్సెక్స్ పడిందంటే ఆయన లేచి కూర్చుంటాడు.

2008 జనవరిలో 21 వేలు తాకిన సెన్సెక్స్ అక్టోబరులో 8 వేల కిందికి జారినప్పుడు, అర్ధరాత్రి ఫోన్ చేసి "కొనెయ్" అన్నాడు. ఎవరో పోయారనుకుని మా ఆవిడ ఏడుపు మొదలుపెట్టింది. 2020 మార్చిలో అదే సూచీ 26 వేల దాకా కూలితే, లాక్‌డౌన్ కాబట్టి మా ఇంటికి రాలేక, డాబా ఎక్కి పక్క డాబాలవాళ్లకు అరిచి మరీ చెప్పాడట. రెండుసార్లూ ఆయన మాటే నిజమైంది. రెండుసార్లూ ఆయన మాత్రం ఒక్క షేరూ కొనలేదు. డబ్బంతా పోస్టాఫీసులోనూ ఎఫ్‌డీల్లోనూ భద్రం. అదేంటి బాబాయ్ అంటే, "సలహా చెప్పేవాడికి స్వార్థం ఉండకూడదురా" అన్నాడు.

ఉద్యోగాల విషయంలోనూ అంతే. నేను తెలుగు మాస్టారిని. అయినా 2000లో నన్ను అమీర్‌పేట వెళ్లి జావా నేర్చుకోమన్నాడు. తర్వాత శాప్ అన్నాడు, ఆ తర్వాత డేటా సైన్స్, ఇప్పుడు ఏఐ. పిల్లలకు ఛందస్సు చెప్పుకునేవాణ్ణి నాకెందుకంటే, "ఛందస్సు ఎక్కడికీ పోదు, జీతమే పోతుంది" అన్నాడు. దీనికి నా దగ్గర ఈరోజుకీ జవాబు లేదు, అదే నా మంట.

ఇంతకన్నా పెద్ద మంట కాఫీ దగ్గర. రోజుకో వంద రూపాయల కాఫీ, నెలకు మూడు వేలు. అదే సిప్‌లో వేసి, ఏటా 12 శాతం వస్తే, ముప్పై ఏళ్లకు కోటి దాటుతుందట. "నువ్వు తాగేది కాఫీ కాదురా, కోటి రూపాయలు" అంటాడు. అనేది మా ఇంట్లో కూర్చుని, మా ఆవిడ ఇచ్చిన రెండో గ్లాసు ఊదుకుంటూ. పెళ్లిళ్లకు పిలవాలన్నా భయమే. బంతిలో కూర్చుని, ఈ పందిరి ఖర్చు ఆరు శాతానికి వేస్తే 72ని ఆరుతో భాగించి పన్నెండేళ్లలో రెట్టింపవుతుందని పెళ్లికూతురి తండ్రికే చెప్తాడు. ఆయన గొంతులో గారె అడ్డంపడుతుంది.

నిజానికి బాబాయి ఇంట్లో డబ్బు కూడబెట్టింది పిన్ని. పాల లెక్కలో మిగిలిందీ, చీటీ పాడిందీ పట్టుకెళ్లి గుట్టుగా తులమో అరతులమో కొనేది. "బంగారానికి వడ్డీ పుట్టదే పిచ్చిదానా" అని బాబాయి ఏళ్లతరబడి పాఠం చెప్పాడు. 2008లో పదమూడు వేలకు అటూఇటూగా ఉన్న తులం 2020 ఆగస్టుకల్లా 55 వేలు దాటింది. అప్పట్నించీ ఆయన దాన్ని "మా పోర్ట్‌ఫోలియోలో బంగారం భాగం" అంటున్నాడు.

మా తమ్ముడి ఉద్యోగం పోయినప్పుడు మాత్రం ఆయన్ని ఏమీ అనలేకపోయాను. ఆరు నెలల ఖర్చు పక్కన ఉంచుకోవాలి, క్రెడిట్ కార్డు బాకీ ముందు తీర్చాలి, ఏడాదికి దాదాపు 40 శాతం గుంజుతుంది అని రెండు గంటలు వాయించాడు, నిజమే. కానీ మర్నాటినుంచి రోజూ పొద్దున్నే ఫోన్ చేసి "నిన్న ఎన్ని దరఖాస్తులు పెట్టావురా" అని అడిగిందీ, ఇంటి ఈఎంఐలకని గడువు తీరని ఎఫ్‌డీ బ్రేక్ చేసి ఇచ్చిందీ ఆయనే. ఒక శాతం జరిమానా పడింది. ఆయనకది పన్ను పీకించుకున్నంత బాధ.

తమ్ముడికి మళ్లీ ఉద్యోగం వచ్చి, పూతరేకులతోపాటు అసలు పట్టుకెళ్లి ఇచ్చాడు. బాబాయి రెండు పూతరేకులు తిని, చేతులు తుడుచుకుని, డైరీ తెరిచి ఆ ఒక్క శాతం లెక్క చూపించాడు.

"పసివాణ్ణి పీడించకండి, ఆ ముక్క నేనిస్తాలెండి" అంది పిన్ని వంటింట్లోంచి.

బాబాయి ఉలిక్కిపడ్డాడు. "ఏ అకౌంట్లోంచి?"