ప్రత్యేక ఆహ్వానితుడు

ఇరవై రెండు నెలలపాటు మొగుళ్లపల్లి ప్రజాస్వామ్యం లేకుండానే బతికింది. 2024 జనవరి ఆఖరుకు సర్పంచుల పదవీకాలం అయిపోయింది, ఫిబ్రవరి నుంచి రాష్ట్రమంతటా ప్రతి ఊరికీ ఒక స్పెషలాఫీసరును పెట్టారు. ఒక్కో ఆఫీసరుకు ఎన్ని ఊళ్లో ఆ ఆఫీసరుకే గుర్తుండేది కాదు. వీధిలైటు మాడిపోతే ఎవరిని తిట్టాలో జనానికి తెలియలేదు. సర్పంచ్ అయితే ఇంటి ముందుకు పోయి తిట్టొచ్చు, సాయంత్రం చాయ్ హోటల్లో మళ్లీ తిట్టొచ్చు, అయిదేళ్లకోసారి ఓడగొట్టొచ్చు కూడా. స్పెషలాఫీసరును తిట్టాలంటే ముందు దొరకాలి కదా. అందుకే 2025 డిసెంబరులో మూడు విడతల్లో పంచాయతీ ఎన్నికలు పెట్టేసరికి జనం పత్తి ఏరుడు కూడా పక్కకు పెట్టి లైన్లలో నిలబడ్డారు.

ఆ లైనులో మా వాడకట్టు స్కాలర్ కూడా ఉన్నాడు. హన్మకొండ హాస్టల్ నుంచి పరకాల మీదుగా బస్సులో వచ్చాడు. పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఏ యూనివర్సిటీలో అన్నది రాయొద్దన్నాడు. సినాప్సిస్ ఇంకా ఇవ్వలేదట, కాబట్టి రాయను.

ఓట్ల విషయంలో మా స్కాలరంత ధనవంతుడు మండలంలో ఇంకొకడు లేడు. వార్డు మెంబరుకు ఓటు, సర్పంచుకు ఓటు, ఎంపీటీసీకి, జెడ్పీటీసీకి, భూపాలపల్లి ఎమ్మెల్యేకు, ఎంపీకి. ఇవన్నీ చదువురాని వాళ్లకూ ఉన్నవే. డిగ్రీ ఉన్నందుకు వాడికి ఇంకోటి అదనం: వరంగల్, ఖమ్మం, నల్లగొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు. 2024 మే 27న ఉప ఎన్నిక జరిగితే ఆ దుప్పటంత బ్యాలెట్ మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి మరీ వచ్చాడు. శాసనమండలికి ఎవరు పోవాలో తేల్చగల తెలివి వీడికి ఉందని రాజ్యాంగమే ఒప్పుకుంది.

లైనులో వెనక నిలబడ్డ పెద్దమ్మ ఒకామె అడిగింది, "మీ కాలేజీల సర్పంచ్ ఎవరు బిడ్డా?"

"మాకు సర్పంచ్ ఉండడు పెద్దమ్మా. వీసీ ఉంటడు."

"ఆయనకు నువ్వు ఓటేసినవా?"

"లేదు."

"మీ సార్లు ఏసిన్రా?"

"వాళ్లు గూడ ఎయ్యలె."

"మరి మీ వార్డు మెంబరు?"

"అవి 1988లనే బందు పెట్టిన్రు."

"గప్పటికి నువ్వు పుట్టినవా?"

"లేదు."

"పుట్టకముందే గంత తప్పేం జేసినవ్ బిడ్డా?"

వాడి థీసిస్‌లో ఇంత పదునైన రీసెర్చ్ క్వశ్చన్ లేదని వాడే ఒప్పుకున్నాడు.

1988 సంగతి కొంచెం చెప్పుకోవాలి. క్యాంపస్ ఎన్నికల్లో కొట్లాటలు ఎక్కువయ్యాయని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విద్యార్థి సంఘాల ఎన్నికలను నిలిపేసింది. సరిగ్గా అదే ఏడాది ఢిల్లీలో పార్లమెంటు 61వ రాజ్యాంగ సవరణ చేసి ఓటు వయసును 21 నుంచి 18కి దించింది. దేశాన్ని ఏలేవాణ్ని ఎన్నుకునేంత బుద్ధి పద్దెనిమిదేళ్లకే వస్తుందని ఢిల్లీ తేల్చింది, హాస్టల్ సెక్రటరీని ఎన్నుకునేంత బుద్ధి పీజీ అయినా రాదని హైదరాబాద్ తేల్చింది. తర్వాత ముఖ్యమంత్రులు మారారు, పార్టీలు మారాయి, రాష్ట్రమే రెండయింది. ఈ ఒక్క ఉత్తర్వు మీద మాత్రం అన్ని పార్టీలకూ ఏకాభిప్రాయం ఉంది. కొట్లాటలయితే ఎన్నికలు ఆపాలన్న సూత్రం ఊళ్లకు కూడా పెట్టి ఉంటే మా దిక్కు సర్పంచ్ అనే జీవి ఎప్పుడో అంతరించేది.

యూనివర్సిటీ పాలన మీద ఏ ఆరోపణ చేసినా, అది అర్థంకాదన్న ఆరోపణ మాత్రం చెయ్యలేం. 1991 నాటి విశ్వవిద్యాలయాల చట్టం ప్రకారం వీసీ కావాలంటే ముందు సెర్చ్ కమిటీ కావాలి. అందులో పాలకమండలి తరఫున ఒకరు, యూజీసీ తరఫున ఒకరు, రాష్ట్ర ప్రభుత్వం తరఫున ఒకరు. ఈ ముగ్గురూ వెతికి మూడు పేర్లు ఇస్తారు. అందులోంచి ఒకరిని మూడేళ్లకు వేస్తారు. వెతుకులాట ఎంతకాలం సాగాలన్నది మాత్రం వెతికేవాళ్ల ఓపిక. 2019లో వీసీల గడువు తీరితే 2021 మే దాకా, దాదాపు రెండేళ్లు, రాష్ట్రంలో చాలా యూనివర్సిటీలను ఇన్‌ఛార్జులుగా ఐఏఎస్ ఆఫీసర్లే నడిపించారు. 2021లో వేసినవాళ్ల గడువు 2024 మే 21న తీరింది, మళ్లీ ఐఏఎస్‌లే వచ్చారు. అక్టోబరు 18న గానీ కాకతీయకు, ఉస్మానియాకు, ఇంకా కొన్నింటికి కొత్త వీసీలు రాలేదు. అంటే ఆ అయిదు నెలలూ మా స్కాలర్ శనివారం ఊరికొస్తే స్పెషలాఫీసర్, సోమవారం క్యాంపస్‌కు పోతే ఇన్‌ఛార్జ్. ఫైలు ఎక్కడున్నా జవాబు ఒకటే: సార్ సెక్రటేరియట్‌లో ఉన్నారు.

మా జిల్లాకు పెట్టుకున్న పేరు కూడా ఒక వీసీదే. జయశంకర్ సారు 1991 నుంచి 1994 దాకా కాకతీయ వీసీగా చేశారు. వీసీ పేరు జిల్లాకు పెట్టుకున్న రాష్ట్రానికి వీసీని టైముకు వెయ్యడం తెలియదనుకుంటే పొరపాటు. గౌరవం ఎక్కువై, కుర్చీని ఖాళీగా ఉంచి దండం పెడుతుందంతే.

ఇక లింగ్డో గారి సంగతి. విద్యార్థి ఎన్నికలు ఎట్లా జరపాలో చెప్పమని సుప్రీంకోర్టు చెబితే, మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో అధ్యక్షతన కమిటీ వేశారు. 2006 మేలో నివేదిక వచ్చింది, సెప్టెంబరులో కోర్టు దాన్ని అమలు చెయ్యమంది. పరిస్థితులు బాగోలేని చోట కొన్నాళ్లు నామినేషన్ పద్ధతి పెట్టుకోండి, కానీ అయిదేళ్లలోగా ఎన్నికల్లోకి మారాల్సిందేనని అందులో ఉంది. అయిదేళ్లంటే 2011. మన యూనివర్సిటీలు కాలెండర్ కూడా సెర్చ్ కమిటీతోనే వెతికిస్తున్నట్టున్నాయి.

రేపు పొద్దున ఎన్నికలు పెట్టినా మా స్కాలర్ పోటీ చెయ్యలేడు. రీసెర్చ్ విద్యార్థికి వయసు 28 దాటొద్దని లింగ్డో రూలు. మొగుళ్లపల్లి లెక్క చూడండి. డిగ్రీ అయ్యేసరికి 21. పీజీ 23. పిల్లవాడు ఖాళీగా ఉంటే బాగుండదని నాయిన బీఈడీ చేయిస్తాడు, 25. నెట్, సెట్, గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ అన్నీ రాసి, మధ్యలో రెండు పంటలు తీసి, పీహెచ్‌డీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తే అప్పుడు అప్లై చేసి, ఇంటర్వ్యూ ఎప్పుడు పిలిస్తే అప్పుడు పోయి, సీటొచ్చేసరికి పెళ్లీడు దాటి ఊళ్లో సంబంధాలు అడగడం మానేస్తారు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఆ తర్వాత ఇంకో ఆరేళ్లు, రీ రిజిస్ట్రేషన్‌తో ఎనిమిదేళ్లు, ఆడపిల్లలకయితే పదేళ్ల దాకా చదవొచ్చు. అంటే 28 దాటినా విద్యార్థే, 35 దాటినా విద్యార్థే. ప్రతినిధి మాత్రం 28కే రిటైర్. అసెంబ్లీకి పోటీ చెయ్యడానికి 25 నిండాలి. పాతికేళ్లకు ఎమ్మెల్యే అయి యూనివర్సిటీ బడ్జెట్‌కు చెయ్యెత్తొచ్చు. ముప్పై ఏళ్లకు హాస్టల్ బాత్రూం నల్లా గురించి నలుగురి తరఫున నిలబడటానికి మాత్రం ముసలోడివి.

ఖర్చు చూద్దాం. అయిదు వేల లోపు జనాభా ఉన్న ఊళ్లో వార్డు మెంబరు ముప్పై వేల దాకా ఖర్చు పెట్టుకోవచ్చు, సర్పంచ్ లక్షన్నర. యూనివర్సిటీ విద్యార్థి నాయకుడికి అయిదు వేలు. అచ్చువేసిన పోస్టర్లు కూడదు, చేత్తో రాసినవే అంటించాలి, అవీ చూపించిన గోడ మీదే. మా స్కాలర్‌కు దీంతో పేచీ లేదు. ఫెలోషిప్ లేనివాడికి అయిదు వేలే పెద్ద పరిమితి. జేఆర్ఎఫ్ వచ్చినవాడికి 2023 నుంచి నెలకు 37 వేలు, సెంట్రల్ యూనివర్సిటీలో నెట్ లేకుండా చేరినవాడికి 8 వేలు, రాష్ట్ర యూనివర్సిటీలో ఈ రెండూ లేనివాడికి గైడ్ ఆశీర్వాదం.

ఇన్ని మాట్లాడి, గచ్చిబౌలి మాట చెప్పకపోతే అన్యాయం. అదే తెలంగాణలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో విద్యార్థులు ఓట్లేసి ప్రెసిడెంటును ఎన్నుకుంటారు, రీసెర్చ్ స్కాలర్లు పోటీ చేస్తారు, గెలుస్తారు. లింగ్డో కమిటీ జేఎన్‌యూతో పాటు ఆ క్యాంపస్‌నే నేరుగా ఎన్నుకునే పద్ధతికి నమూనాగా చూపింది. కాకతీయ ఉన్న విద్యారణ్యపురిలో పెడితే కొట్లాటలయ్యేది గచ్చిబౌలిలో పెడితే నమూనా ఎట్లయిందో భూగోళ శాస్త్రంవాళ్లే చెప్పాలి.

అయితే ఓటుంటే అన్నీ ఉన్నట్టని కూడా కాదు. అక్కడే అయిదుగురు దళిత స్కాలర్లను సస్పెండ్ చేసి హాస్టళ్ల నుంచి పంపించినప్పుడు, వేసిన శిక్షల్లో ఒకటి స్టూడెంట్ యూనియన్ ఎన్నికల్లో పాల్గొనరాదని. ఆ అయిదుగురిలో రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయాడు. మనిషికి ఓటు ఎంత ముఖ్యమో ఆ ఉత్తర్వు రాసినవాళ్లకు బాగా తెలుసు.

మిగతాచోట్ల ఓటు లేదు కాబట్టి నోరే మిగిలింది. 2023 సెప్టెంబరులో కాకతీయలో పీహెచ్‌డీ అడ్మిషన్లలో అక్రమాలు జరిగాయని విద్యార్థులు ఆందోళనకు దిగారు. పోలీసులు కొట్టారని వాళ్లన్నారు, కొట్టలేదని పోలీసులన్నారు. ఎన్నికైన ప్రతినిధి ఒకడుంటే ఆ సీట్ల లెక్క మీటింగ్ హాల్లో అడిగేవాడు. లేడు కాబట్టి టెంట్ కింద అడగాల్సి వచ్చింది. 2025 మార్చిలో ఉస్మానియా ఆ టెంట్ సంగతి కూడా చూసింది. డిపార్ట్‌మెంట్లలో, కాలేజీల్లో, ఆఫీసుల్లో ధర్నాలు, నినాదాలు కూడదని సర్క్యులర్ ఇచ్చింది. తెలంగాణ ఉద్యమం ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ధర్నా చెయ్యకుండా, త్రూ ప్రాపర్ ఛానెల్ అర్జీ పెట్టుకుని ఉంటే రాష్ట్రం ఎంత క్రమశిక్షణతో వచ్చేదో.

ప్రాతినిధ్యం అసలు లేదని అనడం మాత్రం యూజీసీని అవమానించడమే. లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీలో, విద్యార్థులకు సంబంధించిన కేసయితే డిగ్రీ, పీజీ, రీసెర్చ్ స్థాయిల నుంచి ఒక్కొక్కరు ఎన్నికై ఉండాలని 2015 నిబంధన. మంచి నిబంధన. ఎన్నికలే లేని క్యాంపస్‌లో వాళ్లు ఎట్లా ఎన్నికవుతారో అడిగితే రిజిస్ట్రార్ ఆఫీసు క్లర్కు చిరునవ్వే జవాబు. న్యాక్ కోసం పెట్టే నాణ్యత కమిటీలో కూడా ఒక విద్యార్థి నామినీ ఉంటాడు. తనిఖీకి పీర్ టీం వచ్చే రోజుల్లో ఆ అబ్బాయి ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు. కొత్త పెళ్లికొడుకుకున్నంత మర్యాద, అంతే మౌనం.

అన్నిటికంటే గొప్పది 2023లో వచ్చిన విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు. ప్రతి సంస్థలో ఒక కమిటీ. అధ్యక్షుడు ప్రొఫెసర్. సభ్యులు మరో నలుగురు ప్రొఫెసర్లో సీనియర్ అధ్యాపకులో. విద్యార్థి? ఉన్నాడు. మార్కులు బాగా వచ్చినవాణ్నో, ఆటల్లో రాణించినవాణ్నో, పాటలు పాడేవాణ్నో ఒకరిని నామినేట్ చేస్తారు. హోదా: ప్రత్యేక ఆహ్వానితుడు. సభ్యులకు పదవి రెండేళ్లు, ఇతనికి ఒక ఏడాది. కోరం అధ్యక్షుడితో కలిపి ముగ్గురు, ఆహ్వానితుణ్ని మినహాయించి. విద్యార్థుల ఫిర్యాదులు వినే కమిటీలో విద్యార్థి వచ్చినా లెక్కలోకి రాడు, రాకపోయినా లెక్క తప్పదు. ఈ వాక్యం రాసినవారికి పద్మశ్రీ ఇవ్వకపోవడం కేంద్రం నిర్లక్ష్యం.

నాకు తెలిసి క్యాంపస్‌లో నిజంగా పనిచేసే శాసనసభ ఒక్కటే మిగిలింది, మెస్ కమిటీ. అక్కడ ప్రతిపక్షం ఉంది, ఆడిట్ ఉంది, అవిశ్వాసం ఉంది. పప్పులో నీళ్లెన్ని, ఆదివారం చికెన్ ముక్కలెన్ని అన్నదాని మీద అర్ధరాత్రి దాకా చర్చ నడుస్తుంది. 1988 ఉత్తర్వు అక్కడిదాకా రాలేదు. వస్తే ఆకలి విషయం కాబట్టి తిరగబడతారని భయం కావచ్చు.

మా స్కాలర్ కూడా ఒకసారి ఫిర్యాదు చేశాడు. ఆరు నెలలకోసారి రీసెర్చ్ అడ్వయిజరీ కమిటీ ముందు ప్రగతి చూపించాలని నిబంధన, ఆ కమిటీకి కన్వీనర్ గైడే. రెండు దఫాలు మీటింగే పెట్టలేదు, ప్రగతి లేదని మాత్రం వీడికి నోటీసొచ్చింది. అర్జీ రాసుకుని ఆఫీసుకు పోయాడు.

"త్రూ ప్రాపర్ ఛానెల్ రావాలె తమ్మీ," అన్నాడు సెక్షన్ సూపరింటెండెంట్.

"అంటే?"

"మీ గైడు సంతకం పెట్టి ఫార్వర్డ్ చేయాలె."

"అర్జీ ఆయన మీదనే సార్."

"అయితే ఇంకా మంచిదే కదా, ఆయనకు విషయం తెల్సి ఉంటది."

గైడు పెద్ద మనసుతో సంతకం పెట్టారు, హెడ్డు పెట్టారు, డీన్ పెట్టారు. పదిహేను పనిదినాల్లో నివేదిక ఇవ్వాల్సిన కమిటీ కాస్త ఆలస్యంగానైనా కూర్చుంది. నామినేట్ అయిన విద్యార్థి ప్రతినిధి కబడ్డీ ఆటగాడు, మంచి రైడర్. ఆ రోజు ఇంటర్ యూనివర్సిటీ టోర్నమెంటుకు పోయాడు. ముగ్గురు ప్రొఫెసర్లు వచ్చారు. కోరం సరిపోయింది.