ఎరువు కత్తికి అగ్నిపరీక్ష

అమెరికా దేశమున శని, ఆదివారములయందు ఇండ్ల పెరళ్లలో ఒక వింత క్రతువు జరుగుచుండును. పావు అంగుళము మందమును, అయిదారంగుళముల అలుగును, ఒక పౌనుకు కొంచెము అటునిటుగా బరువును గలిగి, ఎలుగుబంటి నెదుర్కొనుటకే అవతరించినట్లు కానవచ్చు నొక అరణ్యరక్షక ఛురికను, అనగా అచ్చటివారు సర్వైవల్ నైఫ్ అని వ్యవహరించు దానిని, పొరుగువానియొద్దనో ఆఫీసు మిత్రునియొద్దనో "రెండు దినములు చూచి యిచ్చెదను" అని ఎరువు పుచ్చుకొని, దుంగలపై బాది, పలకలలో గ్రుచ్చి, మెలిపెట్టి, అంతటితో మొద్దువారిన దానిని తనకు తోచినట్లు సానబట్టి, తుదకు సొంతదారునిచేతి కందించుచు "కత్తి పరీక్షలో నెగ్గినది" అని యోగ్యతాపత్రము ప్రసాదించుటయే ఆ క్రతువు. ఆ పత్రము కావలెనని సొంతదారు డెన్నడును అడిగియుండలేదు. క్రతువునకు కర్త ఒకడు, వ్యయము మఱియొకనిది.

ఎరువుల సొమ్ము బరువుల చేటని మన పెద్దలు చెప్పినమాట ఎరువు తెచ్చుకొన్నవాని నుద్దేశించినది. ఇక్కడ బరువును చేటును రెండును ఇచ్చినవానికే దక్కుచున్నవి. పెండ్లికి పెట్టుకొని పోవుటకై ఎరువిచ్చిన కాసులపేరును, ఇది మేలిమి బంగారమో కాదో తేల్చెదనని గీటురాతిపై ప్రతి కాసును అరగదీసి, "దిగులుపడకు వదినా, నీ సొమ్ము నిక్కమైనదే" అను శుభవార్తతో తిరిగి తెచ్చిన ఆడుబిడ్డను మన యిల్లాండ్రు మరల బీరువా దాపునకు రానిత్తురా? కత్తుల లోకమున అట్టివానికి పరీక్షకుడను బిరుదు లభించుచున్నది. అతని తీర్పును పదిమంది చెవి యొగ్గి వినుచున్నారు.

ఈ కత్తుల వంశచరిత్ర కొంత తెలిసికొనదగినది. 1982లో ‘ఫస్ట్ బ్లడ్’ అను చలనచిత్రము వెలువడెను. అందు రాంబో అను మాజీ సైనికుడు ధరించిన కత్తిని రూపొందించినవాడు ఆర్కన్సా రాష్ట్రమునకు చెందిన జిమ్మీ లైల్ అను కత్తుల కమ్మరి. బోలు పిడి, పిడి మూతలో దిక్సూచి, లోపల సూదియు దారమును, అలుగు వెన్నున ఱంపపు పళ్లు. చిత్రమును చూచిన కుఱ్ఱవాండ్ర కొఱకు లెక్కలేనన్ని చౌక అనుకరణములు పుట్టినవి. అవి అలుగును పిడియును కలియుచోట పుటుక్కున విఱిగిపోవుచుండుటచే, పిడి చివర వఱకు ఒకే ఉక్కుముక్క సాగియుండు దిట్టమైన కత్తులపై జనులకు మోజు కలిగినది. అంతవఱకు న్యాయమే. ఆ ఱంపపు పళ్ల మాట వేఱు. అవి వైమానికుల కత్తులకు ఉండెడివి. కూలిన విమానములో చిక్కుకొన్నవాడు అల్యూమినియపు తొడుగును కోసికొని వెలికి వచ్చుటకై ఏర్పడినవి. నగరోద్యానమున గుడారము వేసికొని మాంసము కాల్చుకొనువాని నెత్తిన విమానము ఎప్పుడు కూలునో చెప్పజాలము గనుక అతడును ఆ పళ్లను కోరుట దూరదృష్టియే యనుకొందము.

పరీక్షలలో అగ్రతాంబూలము దుంగను చీల్చుటకు. బేటనింగ్ అని దీనికి పేరు. నిట్రముగా నిలిపిన దుంగ తలపై వాదర నానించి, అలుగు వెన్నుపై మఱియొక కఱ్ఱతో మోదుచు, కత్తి దుంగలో మునిగిన పిమ్మట వెలుపల మిగిలిన మొనపై మోదుచు, దుంగ రెండు చెక్కలగువఱకు ఈ తాడనము కొనసాగును. చెక్కలు ఇరుప్రక్కల కొరిగినంతనే పరీక్షకుడు కత్తిని పైకెత్తి నలుదిక్కులకును చూపును. అయ్యా, ఇందు నెగ్గిన దెవరు? మొదటి దెబ్బలు రెండు మూడు పడిన తరువాత కఱ్ఱ తన నారవెంబడి తానే పగులుచు పోవును. ఆ పగులు వాదరకంటె ముందుగా పరుగిడుచుండును గనుక వాదరకు తాకుటకు ఎదుట కలపయే యుండదు. రెండు చెక్కలను ఎడము చేయుచున్నది అలుగు మందము మాత్రమే. ఆ పనికి పదును అక్కఱలేదు, ఒక ఇనుప చీల చాలును. ఇక్కడ పరీక్షింపబడినది ముడులు లేని ఎండు పైను కఱ్ఱయొక్క మంచితనము. ముడి యున్న దుంగను ఏ పరీక్షకుడును ఏరికొనడు. పది అడుగుల దూరమున గోడకు చేరగిలబడియున్న గొడ్డలివంక ఏ పరీక్షకుడును చూడడు.

ఈ పరీక్షలకు మూల మెచ్చటిదో వారు ఎఱుగకపోలేదు. 1976లో బిల్ మోరన్ స్థాపించిన అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ తన కమ్మరులకు ఒక కఠినమైన పరీక్ష విధించినది. పైనుండి వ్రేలాడు అంగుళము లావు మోకును ఒక్క వేటున తెగగొట్టవలెను. ఇండ్ల నిర్మాణమునకు వాడు రెండంగుళముల నాలుగంగుళముల కఱ్ఱను రెండుమార్లు రెండు తునుకలగునట్లు తెగనఱకవలెను. పిమ్మట ఆ వాదరతోనే, మరల సానబట్టకుండ, ముంజేతి రోమములను గొఱగవలెను. తుదకు ఆ అలుగును బెంచివైసులో బిగించి 90 డిగ్రీలు వంచినను విఱుగరాదు. మోకు కత్తి వాడిని చూచును, కఱ్ఱ దాని మన్నికను చూచును, రోమములు ఆ మన్నికకు సాక్ష్యము పలుకును, వంపు కమ్మరి ఉక్కును కాచిన పాకమును బయటపెట్టును. ఒక్కొక్క అంశమునకును ఒక్కొక్క ప్రయోజనము కలదు. అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి యున్నది: ఆ కత్తి ఆ కమ్మరి తన కొలిమిలో కాచి తన సుత్తెతో సాగగొట్టినది. పరీక్షానంతరమున అది కత్తిగా మిగులదని యెఱిగియే అతడు కొలిమి ముట్టించును. మన పరీక్షకుడు ఈ విధానమునంతయు శిరసావహించి, ఈ ఒక్క నియమమును మాత్రము వదలివేసెను.

ఈ సంప్రదాయమునకు చెందినవారిని గుర్తుపట్టుట సులభము. ఎడమ ముంజేయి రోమములు లేక అక్కడక్కడ నున్నగా నుండును. సానబట్టిన ప్రతిసారియు అచ్చట గీచి చూచుకొనుట వారి నిత్యవిధి. అది యైనపిదప వార్తాపత్రికను గాలిలో పట్టి కోయుదురు. పిదప టమాటను పలుచని బిళ్లలుగా తఱుగుదురు. అరణ్యమధ్యమున దారి తప్పినవానికి టమాట ఎచ్చట లభించునో, లభించినను కొఱికి తినక తఱుగవలసిన అగత్యమేమో నాకు బోధపడదు. నూటికి ఇంచుమించు ఒకపాలు కర్బనము గల ఈ కత్తుల ఉక్కు తుప్పునకు తేలికగా లొంగునది. ఆ టమాట పులుపును తుడువక తోలు ఒరలో దోపి యుంచినచో కొలది కాలమునకే నారింజవన్నె మచ్చలు తేలును. "కత్తికి వయస్సు వచ్చినది" అని పరీక్షకుడు సెలవిచ్చును.

సానబట్టుట నిజమునకు ఘనమైన విద్య. దానిని నేను పరిహసింపను. తడిపిన సానరాతిపై అలుగును ఒక్కొక్క ప్రక్కకు ఇంచుమించు 20 డిగ్రీల వాలున ఆనించి, ఆ వాలు చెడకుండ పిడిమొదలునుండి మొనవఱకు నడపవలెను. వాదర వెంబడి మార్కరు సిరా పూసి రెండుమార్లు నడిపిచూచినచో, రాయి ఎచ్చట తాకుచున్నదో ఎచ్చట తాకుటలేదో సిరా చెఱిగిన తావులే చెప్పును. రాతిమీది నీరు మెల్లగా నల్లబడును. ఆ నలుపులో కత్తినుండి దిగిన ఉక్కు ఉన్నది. కొంతసేపటికి వాదర ఆవలిప్రక్కకు సన్నని ఉక్కుపొరక యొకటి ఒరిగి నిలుచును. అది కంటికి ఆనదు. బొటనవ్రేలిని వెన్నునుండి వాదరవైపునకు మెల్లగా జార్చినచో చర్మమునకు గఱుకుగా తగులును. మొదలునుండి కొనవఱకు అది ఒకే తీరున తగిలినప్పుడు ఆ ప్రక్క పని ముగిసినట్లు. రెండవ ప్రక్కను అట్లే నూఱి, అంతకంతకు నునుపైన రాతికి మాఱి, ఆ పొరకను క్రమముగా పలుచబఱచి, తుదకు అలుగును వెన్ను ముందుగా తోలుపట్టెపై లాగి దానిని రాల్చివేయవలెను. మన ఊరి మంగలి గడ్డము ముట్టుటకు ముందు తోలుపై కత్తిని అటునిటు త్రిప్పుచు చేసెడి పని ఈ చివరిదే. ఇంతకును కావలసినది ఓపిక. అది ఎరువు దొరకదు.

మన పరీక్షకునికి ఆదివారము ప్రొద్దు గ్రుంకుచున్నది; సోమవారము కత్తి అప్పగింపవలెను. కావున అతడు కరెంటుతో గిరగిర తిరుగు గఱుకుపట్టెను ఆశ్రయించును. నిప్పురవ్వలు వెదజల్లబడును, చూపఱులకు ముచ్చటగా నుండును. అలుగులో అన్నిటికంటె పలుచనైనది వాదర. రాపిడి వేడిమి ముందుగా పట్టునది దానినే. ఇట్టి ఉక్కును కమ్మరి గట్టిపఱచిన పిదప 200 సెంటీగ్రేడు డిగ్రీల ప్రాంతమున కాచి దాని పెళుసుదనమును తగ్గించును. 300 డిగ్రీల దాపునకు పోయినచో ఉక్కుపై నీలివన్నె దేఱును. మొనయొద్ద ఆ నీలము కనబడెనా, కమ్మరి యిచ్చిన గట్టిదనము అచ్చట సడలినట్లే. నీలమును గీచివేయవచ్చును, ఆ తావు మొత్తము అరిగిపోవువఱకు పదును మాత్రము నిలువదు. సీతమ్మవారు అగ్నినుండి చెక్కుచెదరక వెలువడెను గాని, ఉక్కునకు ఆ మహిమ లేదు.

ఇట్టి బరువాయుధము లేనిదే అడవిలో బ్రదుకు లేదను వాదమును అడవిలో బ్రదికినవారు ఒప్పుకొనలేదు. ‘నెస్మక్’ అను కలముపేరుతో 1884లో ‘వుడ్‌క్రాఫ్ట్’ అను గ్రంథము వ్రాసిన జార్జి వాషింగ్టన్ సియర్స్ క్షయరోగి, బక్కపలుచని మనుష్యుడు. 1883లో ఆయన పదిన్నర పౌనుల బరువుగల ‘సెయిరీ గాంప్’ అను పడవను తానే నడుపుకొనుచు, మెట్టతావులయందు తానే మోసికొనుచు, అడిరాండాక్ అరణ్యములలోని నీటిదారుల వెంబడి 266 మైళ్లు తిరిగెను. ఆయన మెచ్చిన కత్తి పలుచని అలుగుది. నఱకుటకు చిన్న గొడ్డలి వేఱుగ నుండెను. దళసరి వేటకత్తులను ఆయన తీసిపాఱవైచెను. 1906లో అడవి జీవనముపై పెద్ద గ్రంథము వెలువరించి, స్మోకీ పర్వతములలో ఏండ్ల తరబడి నివసించిన హొరేస్ కెఫార్ట్ అభిప్రాయమును ఇంచుమించు అదియే. ఇక నిజముగా ప్రాణము మీదికి వచ్చిన వాని సంగతి: 2003లో యూటా రాష్ట్రమున ఒక ఇఱుకు లోయలో ఆరన్ రాల్‌స్టన్ అను యువకుని కుడిచేయి బండరాతికిని లోయగోడకును నడుమ చిక్కుకొని, 127 గంటల కాలము గడచినది. ఆతని వద్ద నున్నది చౌకరకపు మడత పనిముట్టు, దాని మొద్దు అలుగు. దానితోనే ఆతడు తన చేయి కోసికొని బయటపడెను. తాను ఎచ్చటికి పోవుచున్నదియు ఎవరికిని చెప్పకపోవుటచే ఆతనిని వెదకుటకు సకాలమున ఎవరును రాలేదు. ఆ లోపమును పావు అంగుళపు ఉక్కు పూరింపజాలదు, ఒక చీటీముక్క పూరించును.

ఈ జాడ్యము మనవారికి సోకదనుకొనరాదు. డాలసులోనో ఎడిసనులోనో స్థిరపడిన మన తెలుగు కుఱ్ఱవాండ్ర నడుమ కత్తి అప్పగింత ఇట్లు సాగును:

"అన్నా, నీ కత్తి మామూలుది కాదు! రెండు దుంగలు చీల్చినా చెక్కుచెదరలేదు."

"మొన దగ్గర ఆ నీలం మచ్చేమిటి తమ్ముడూ?"

"అదా, బెల్టు మీద పట్టించానులే. ఇప్పుడు చూడు, వెంట్రుక తెగుతుంది."

"ముందుకంటే కాస్త సన్నబడ్డట్టు లేదూ?"

"పదును ఊరికే వస్తుందా అన్నా!"

అన్నగారు "సరేలే, పరవాలేదు" అనును. మొగమాటమునకు మించిన వాదర ఏ కమ్మరియు తీయలేదు. ఆ కత్తి కొన్న నాటినుండి అన్నగారి బీరువాలోనే యున్నదనియు, అట్టపెట్టెలను కోయుటకు తప్ప దానిని ఒరనుండి దూయలేదనియు ఇచ్చట చెప్పక తప్పదు. అయినను అది ఆయన సొమ్ము, నిష్ప్రయోజనముగ నుంచుకొను హక్కు ఆయనకు కలదు.

కావున పరీక్షకులారా, మీకొక మనవి. స్వీడను దేశపు మోరా పట్టణమున తయారగు పలుచని కత్తి నూఱు గ్రాములకు అటునిటు తూగును. కొలది డాలర్లకే దొరకును. ఒకటి కొనుడు. దుంగలపై బాదుడు, వైసులో వంచుడు, నీలమగునట్లు కాల్చుడు. అది విఱిగిననాడు తెలియవలసినదంతయు తెలియును. ఎవరికిని సంజాయిషీ చెప్పవలసిన పని యుండదు.